ఈ ఊళ్లలో రాత్రిపూటే తిరగాలి

స్కిన్‌గ్రాడ్ చూడాలంటే చీకటి పడ్డాకే వెళ్లాలి. రాతి మేడలు, ఇరుకు వీధులు, చుట్టూ ద్రాక్షతోటలు. ఊరికి వైన్ వల్ల పేరొచ్చింది. ఊరి గోడ దాటాక కొండ మీద విడిగా ఓ కోట ఉంటుంది. అందులో ఉండే కౌంట్ జేనస్ హాసిల్డోర్ జనం కంట పెద్దగా పడడు. ఆయన వాంపైర్ మరి! గూగుల్ మ్యాప్స్‌లో వెతక్కండి, దొరకదు. ఇది 2006లో వచ్చిన ‘ఆబ్లివియన్’ గేమ్‌లోని ఊరు. 2025లో కొత్త గ్రాఫిక్స్‌తో మళ్లీ వచ్చింది కాబట్టి ఇప్పుడు ఇంకా అందంగా ఉంది.

కొన్నాళ్లుగా నేను ఇలాంటి ఊళ్లే తిరుగుతున్నాను. ఆదివారాలు మా బ్యాచ్ అంతా కూర్చుని పాచికలేసి ఓ ఫాంటసీ గేమ్ ఆడతాం. కథ నడిపేది నేను. ఈసారి మాలో ఒకడు వాంపైర్‌గా ఆడతానని పట్టుబట్టాడు. వాడికి రక్తం ఈజీగా దొరికిందా, వాడే హీరో, మిగతా నలుగురూ సైడ్ క్యారెక్టర్లు. దొరకలేదా, ప్రతి ఆదివారం వాడి భోజనం వేటతోనే తెల్లారిపోతుంది. ‘నన్ను ఆకలితో చంపకురా’ అని వాడు, ‘వాడు తాగుతుంటే మేం కాపలా కాయాలా’ అని మిగతావాళ్లు. వాట్సాప్ గ్రూప్‌లోంచి ఒకడు అలిగి వెళ్లిపోయాడు కూడా. నాలుగేళ్ల బ్యాచ్ ఇది. సరే, పెద్ద గేములు చేసినవాళ్లు ఈ లెక్క ఎలా తేల్చారో చూసొద్దామని బయల్దేరాను.

ఆబ్లివియన్ లెక్క వింతగా ఉంటుంది. రక్తం తాగకపోతే నీరసం రాదు, బలం వస్తుంది! రోజు గడిచేకొద్దీ వాంపైర్ లక్షణాలు 25 శాతం నుంచి 50, 75, ఆఖరికి 100కి చేరతాయి. శక్తులు పెరుగుతాయి. దాంతోపాటే ఎండ ఒళ్లు కాలుస్తుంది, మొహం చూసి జనం మాట్లాడటం మానేస్తారు. నిద్రపోతున్న ఎవరి దగ్గరైనా తాగితే మళ్లీ 25కి దిగిపోతాం, ఎండ బాధ ఉండదు. తాగించుకున్నవాడికి మెలకువ రాదు, ప్రాణానికీ ఏం కాదు. ఇక్కడే నాకు నచ్చలేదు. ఆ గేమ్ ఊళ్లలో బిచ్చగాళ్లు ఆరుబయట చాప పరుచుకుని పడుకుంటారు. తలుపు పగలగొట్టే పని లేదు, చూసేవాడు లేడు. రెండు రాత్రుల్లోనే అది నాకు ఏటీఎంలా అయిపోయింది. ఆ మనిషి పేరు కూడా చదవడం మానేశాను.

కోటలో కథ మాత్రం వేరు. కౌంట్ భార్య రోనా కూడా వాంపైరే. రక్తం ముట్టనని మొండికేసి, ఏళ్ల తరబడి స్పృహ లేకుండా పడి ఉంది. ఆమెకి మందు కోసం మనం వెల్లుల్లి దగ్గర్నుంచి వాంపైర్ బూడిద దాకా ఏరుకురావాలి. ఇంత చేస్తే ఆమె కాసేపు కళ్లు తెరిచి, భర్తతో మాట్లాడి, చనిపోతుంది. ఆకలికి ఖరీదు ఎంతో ఆ గది చెప్పినంతగా ఆ శాతాలు చెప్పవు.

2011లో వచ్చిన ‘స్కైరిమ్’లోనూ దాదాపు ఇదే పద్ధతి. మొదట్లో నాలుగో దశకి వచ్చామంటే ఊరు ఊరంతా కత్తులు దూసేది. మరుసటి ఏడాది ‘డాన్‌గార్డ్’ వచ్చాక ఆ గోల తీసేశారు. ఆడేవాళ్లకి హాయే. నాకైతే ఊళ్లోకి వెళ్లాలంటే ఉన్న ఆ కాస్త భయం కూడా పోయిందనిపించింది.

తర్వాత ‘వి రైజింగ్’. స్వీడన్‌కి చెందిన స్టన్‌లాక్ స్టూడియోస్ చేసిన గేమ్, 2024లో పూర్తిగా విడుదలైంది. ఇందులో డన్లీ అనే పొలాల ప్రాంతం ఉంది. పగలు వెళ్లి చూడండి, మజా తెలుస్తుంది. పొద్దు తిరిగేకొద్దీ చెట్ల నీడలూ జరుగుతుంటాయి. ఒక నీడలోంచి ఇంకో నీడలోకి పరిగెత్తాలి. మే నెలలో బస్టాప్ దగ్గర కరెంటు స్తంభం నీడలో ఒంటికాలి మీద నిలబడ్డవాళ్లకి ఇది కొత్తగా నేర్పక్కర్లేదు. రక్తంలో రకాలున్నాయి: కూలీ రక్తం తాగితే కట్టెలూ రాళ్లూ కొట్టే పని జోరుగా సాగుతుంది, పండితుడిది తాగితే మంత్రాలకి బలం. ప్రతి మనిషి రక్తానికీ క్వాలిటీ శాతం ఉంటుంది. మంచి శాతం దొరికితే ఆ మనిషిని పట్టుకొచ్చి కోటలో బంధించి, చేపలు పెట్టి సముదాయిస్తూ సీసాల్లోకి రక్తం తీయొచ్చు. ఆటగా చాలా బాగుంది, గంటలు తెలీలేదు. కానీ పాడి గేదెల లెక్క అది. మా ఆదివారానికి పనికిరాదు.

నేను ఎక్కువ రోజులు ఉండిపోయింది లండన్‌లో. 1918, యుద్ధం చివరి రోజులు, స్పానిష్ ఫ్లూ. ‘వాంపైర్’ అనే ఈ గేమ్‌ని డోంట్‌నాడ్ సంస్థ 2018లో తెచ్చింది. హీరో జొనాథన్ రీడ్ రక్తమార్పిడి తెలిసిన డాక్టర్, శవాల గుంటలో వాంపైర్‌గా లేస్తాడు. ప్రాణాలు నిలబెట్టేవాడికే ప్రాణాలు తీసే ఆకలి.

డాక్స్‌లో తడి రాళ్ల సందులు, చేపల బుట్టలు, దగ్గు. వైట్‌చాపెల్‌లో గోడలకి మసి. వెస్ట్ ఎండ్‌లో పెద్దింటి కిటికీల వెలుగు. ఇంకోటి ఆసుపత్రి. ఈ నాలుగు పేటల్లో అరవై మంది దాకా పేరున్న మనుషులు. ఒక్కొక్కరికీ ఒక కథ, ఒక గుట్టు, చుట్టూ నలుగురు అయినవాళ్లు. మాట కలిపి గుట్టు తెలుసుకుంటే వాళ్ల రక్తం విలువ పెరుగుతుంది. జలుబుకో తలనొప్పికో మందిస్తే ఇంకా పెరుగుతుంది. వైద్యం చేస్తున్నామా, పండక్కి పొట్టేలును మేపుతున్నామా? డాక్స్‌లోని పబ్‌లో ఒకాయనతో మూడు రాత్రులు మాట్లాడాక, మొహం పక్కన మెరిసే ఆ అంకె చూసి ఫోన్ పక్కన పెట్టినట్టు కంట్రోలర్ పక్కన పెట్టేశాను.

ఎవర్నీ చంపకుండా కూడా కథ పూర్తి చేయొచ్చు. అప్పుడు బలం తక్కువ, ప్రతి ఫైటూ చచ్చేంత కష్టం. చంపితే ఒక్కసారిగా బలం వస్తుంది. కానీ దాన్ని వాడుకోవాలంటే నిద్రపోవాలి, లేచేసరికి పేట మారి ఉంటుంది. రోగాలు ముదురుతాయి, పోయినవాళ్ల తాలూకు మనుషులు కుంగిపోయి ఉంటారు. హద్దు దాటితే పేట మొత్తం చేజారిపోతుంది. పాత సేవ్ తెరిచి వెనక్కి వెళదామంటే కుదరదు, గేమ్ తనంతట తానే సేవ్ చేసుకుంటుంది.

నాకు కావాల్సింది లండన్‌లో దొరికింది. మావాడి కోసం ఇరవై మూడు గడపల ఊరొకటి రాశాను. ప్రతి గడపకీ పేర్లు పెట్టాను. ఒకే ఇంట్లో వరసగా రెండుసార్లు తాగితే ఆ ఇంట్లో మంచం పడతారు. మిగతా నలుగురికీ ఆ ఊళ్లో ఒక్కో మనిషిని అంటగట్టాను: ఒకడికి అప్పిచ్చిన షావుకారు, ఒకడికి చదువు చెప్పిన పంతులు, ఒకడికి పెళ్లి కుదిరిన అమ్మాయి, అలిగినవాడికి మేనత్త. పగలు ఎండ మామూలే.

మొన్న ఆదివారం మొదటి రాత్రి ఆడాం. అలిగినవాడూ వచ్చాడు. మా వాంపైర్ గంటసేపు వీధులు తిరిగాడు. ఏ తలుపు దగ్గర ఆగినా పక్కనుంచి ఎవడో ఒకడు ‘రేయ్, అది మావాళ్లిల్లు’ అంటాడు. చివరికి ఊరి బయట పాకలో ఆవు కనబడింది. హమ్మయ్య అని పాచికలు చేతిలోకి తీసుకున్నాడు.

ఆ ఆవు మేనత్తది.