మీ ఇంటి మెయిన్ వాల్వు ఎక్కడుందో తెలుసా?

ముందుగా ఒక చిన్న ప్రశ్న. మీ ఇంట్లోకి నీళ్ళొచ్చే మెయిన్ వాల్వు ఎక్కడుంది? అర్ధరాత్రి కరెంటు పోయి, కాళ్ళ కింద నీళ్ళు పారుతుంటే, ఎవర్నీ అడక్కుండా నేరుగా వెళ్ళి దాన్ని కట్టేయగలరా?

ఆఫీసులో ఏ సర్వరు ఎక్కడుందో, ఏది పడిపోతే ఏది ఎత్తుకోవాలో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. సొంత ఇంటి వాల్వు మాత్రం నాకు తెలీదు. ఇల్లు కొన్న నాలుగేళ్ళ దాకా తెలీలేదు. తెలిసిన రోజు నేను ఇంట్లో లేను, ఇంటికి పదమూడు వేల కిలోమీటర్ల దూరంలో, మా ఊరు తొగుటలో ఉన్నాను.

మాది డెట్రాయిట్ శివార్లలో 1954లో కట్టిన ఇల్లు. కొనేటప్పుడు చూసింది స్కూళ్ళు, ఆఫీసుకి దూరం, వంటగదిలో గ్రానైటు. పైపుల సంగతి ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో రెండు పేజీలుంది. మన వాళ్ళు సాఫ్ట్‌వేర్ లైసెన్సు చదివినట్టే నేనూ కిందికి లాగి సంతకం పెట్టేశాను :)

2019 జనవరి మూడో వారంలో అమ్మ ఫోను. బాపుకు పక్షవాతం వచ్చింది, సిద్దిపేట ఆస్పత్రిలో చేర్పించారు. మర్నాడే నలుగురం విమానం ఎక్కాం. ఆ హడావుడిలో కూడా నాకు ఒక తెలివైన ఆలోచన వచ్చింది. ఇంట్లో ఎవరూ ఉండరు కదా, గ్యాసు బిల్లు దండగ అని థర్మోస్టాట్ 50 డిగ్రీలకి దించాను. పక్కింటి పెద్దాయనకి తాళంచెవి ఇచ్చి ఉత్తరాలు తీసి లోపల పెట్టమన్నాను.

ఆ నెలాఖర్లో అమెరికా మధ్య రాష్ట్రాల మీదికి పోలార్ వోర్టెక్స్ దిగింది. మా వైపు చలి మైనస్ 25 సెల్సియస్ దగ్గరికి పోయింది. నేను తొగుటలో బాపు మంచం పక్కన కూర్చుని ఆ వార్త ఫోన్లో చూసి, "మనం మంచి టైముకి వచ్చేశాం" అని మా ఆవిడతో అన్నాను కూడా.

ఫిబ్రవరి మొదట్లో అక్కడ చలి విరిగింది. అప్పుడొచ్చింది ఫోను. మాకు రాత్రి తొమ్మిదిన్నర, వాళ్ళకి పొద్దున పదకొండు. పక్కింటాయన మాటల వెనక నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. వంటగది గోడలోంచి నీళ్ళు చిమ్ముతున్నాయట, బేస్‌మెంట్‌లో మడమ దాకా ఉన్నాయట. ఆయన అడిగిన మొదటి మాట: "వాల్వు ఎక్కడుంది?"

నేను మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ నా వైపు చూసింది.

ఆయన పాపం టార్చి పట్టుకుని వెతికాడు. ముందు గోడ దగ్గర మేం పేర్చిన అట్టపెట్టెల వెనకాల దొరికింది. గుండ్రటి చక్రం ఉన్న పాత గేట్ వాల్వు. తిప్పితే కదల్లేదు. ఎన్నేళ్ళ నుంచి ఎవరూ తిప్పలేదో, బిగుసుకుపోయింది. చివరికి సిటీ వాళ్ళు వచ్చి రోడ్డు పక్కనున్న వాల్వు కట్టేసే సరికి ఇంకో రెండు గంటలు పట్టింది.

నేను వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ అరుస్తుంటే మంచం మీంచి బాపు పిలిచాడు. అప్పటికి మాట కొంచెం తిరుగుతోంది, ఎడమ చెయ్యి ఇంకా లేవట్లేదు. ఏమైందిరా అన్నాడు. చెప్పాను. కాసేపు ఆలోచించి, ఒక్కో మాటా కూడబలుక్కుని అన్నాడు:

"తూము యాడున్నదో ఎరుక లేకుంట ఇల్లెట్ల కొన్నవ్ బిడ్డా?"

ఆ మాట వెనక ఒక కథ ఉంది. మా తాత ఊళ్ళో నీరటి. ఈ తరం వాళ్ళకి ఆ మాట తెలీకపోవచ్చు. చెరువు తూము ఎప్పుడు తియ్యాలి, ఎప్పుడు మూయాలి, ఏ మడికి ఎంతసేపు నీళ్ళు పారాలి అన్నది చూసే మనిషి నీరటి. ఆయకట్టు రైతులు కల్లాల దగ్గర వడ్లు కొలిచి ఇచ్చేవారు, అదే జీతం. కానీ నీళ్ళు పారించడం ఆ పనిలో సగమే. మిగతా సగం, ఏమీ కాకముందే కట్ట మీద నడవడం. వానలకి ముందు ఎలుక బొరియలు వెతికి పూడ్చడం. కట్ట మీద మొలిచిన తుమ్మ మొక్కలు చిన్నప్పుడే పీకేయడం (వేరు లోపలికి పోయిందంటే నీళ్ళకి దారి దొరికినట్టే). తూము తలుపు ఊరికే ఒకసారి లేపి దించి చూడడం. చిన్నప్పుడు బాపు తాత వెంట తిరిగి ఇదంతా నేర్చుకున్నాడు. "మీ తాత ఉన్నన్నొద్దులు కట్ట తెగలే" అని గొప్పగా చెప్పేవాడు. నాకప్పుడు అందులో గొప్పేమిటో అర్థం కాలేదు. తెగని కట్ట గురించి చెప్పుకోడానికి ఏముంటుంది?

కానీ బాపుకి ఎదురు చెప్పే హక్కు నాకు ఆ రోజు ఒక విషయంలో ఉంది. పక్షవాతం ఊరికే రాలేదు. బీపీ ఉందని నాలుగేళ్ళ కిందటే డాక్టరు చెప్పాడు. ఆర్నెల్లు మాత్రలు వేసుకుని మానేశాడు. ఎందుకు మానేశావంటే, "ఏం నొప్పి లేదు గదరా, ఎందుకు మింగాలె?" అని సమాధానం. కట్ట మీద ఎలుక బొరియలు వెతికిన మనిషి తన నరాల్లో పెరుగుతున్న ఒత్తిడిని పట్టించుకోలేదు. ఆయన కొడుకు పైపులు పట్టించుకోలేదు. ఇద్దరం చెప్పుకున్న సాకు ఒకటే, ఇన్నాళ్ళూ ఏం కాలేదు కదా అని.

తిరిగొచ్చాక నష్టం చూసుకున్నాం. వంటగది గోడ కోసేశారు, చెక్క నేల ఉబ్బి లేచిపోయింది. ఇన్సూరెన్సు మనిషి మొదట అడిగింది "ఇంట్లో వేడి ఎంత పెట్టి వెళ్ళారు?" అని. పాలసీలో ఇంట్లో వేడి ఉంచడానికి తగిన జాగ్రత్త తీసుకోవాలని ఒక వాక్యం ఉంటుంది. గ్యాసు బిల్లులు చూపించి, నెలలు వాదించాక కొంత వచ్చింది. రానిది ఒకటుంది. హాస్టల్లో ఉన్నప్పుడు బాపు నాకు రాసిన పోస్టుకార్డులు ఆ అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. సిరా మొత్తం కరిగిపోయింది.

సరే, అసలు విషయానికొస్తే, పైపు ఎందుకు పగిలిందో తర్వాత చదివి తెలుసుకున్నాను. నీళ్ళు గడ్డకడితే దాదాపు 9 శాతం పెరుగుతాయి, ఇది స్కూల్లో చదివిందే. కానీ పైపు చాలాసార్లు గడ్డకట్టిన చోట పగలదు. మంచు పెరుగుతూ, తనకీ మూసి ఉన్న నల్లాకీ మధ్య చిక్కుకున్న నీళ్ళని నొక్కుతుంది. ఆ ఒత్తిడికి పోవడానికి చోటు లేక పైపు చీలుతుంది. చలికాలంలో నల్లా సన్నగా ధార వదలమనేది అందుకే. కదిలే నీళ్ళు తొందరగా గడ్డకట్టవు సరే, ఆ ఒత్తిడికి దారి కూడా దొరుకుతుంది. పగిలిన సంగతి మాత్రం అప్పుడు తెలీదు, మంచే బిరడాలా అడ్డం ఉంటుంది. చలి తగ్గి అది కరిగాక తెలుస్తుంది. మాకు ఫోను ఎండొచ్చాక రావడానికి కారణం ఇదే.

ఇప్పుడు నేను ఏటా చేసే పనులు చెప్తాను. చలి ఊళ్ళో పాత ఇల్లు కొన్నవాళ్ళకి పనికొస్తాయి.

అక్టోబరులో తోట నల్లాకి తగిలించిన గొట్టం ఊడదీస్తాను. గొట్టం అలాగే ఉంటే, చలికి ఆగేలా చేసిన కొత్తరకం నల్లా కూడా లోపల నీళ్ళు నిలిచి పగులుతుంది. లోపలి వైపు దానికో చిన్న వాల్వు ఉంటే అది కట్టేసి, బయట నల్లా తెరిచి మిగిలిన నీళ్ళు కారనివ్వాలి.

అదే రోజు మెయిన్ వాల్వు ఒకసారి పూర్తిగా కట్టి, మళ్ళీ తెరుస్తాను. వాడని వాల్వు బిగుసుకుపోతుంది. పాత గేట్ వాల్వు మొరాయిస్తే బలం చూపించకండి, చక్రం చేతికి రావచ్చు. ప్లంబరుని పిలిచి, చిన్న పిడి పావు మలుపు తిప్పితే మూసుకునే బాల్ వాల్వు పెట్టించుకోండి. నేను దానికి ఎర్ర రిబ్బను కట్టి, ముందు ఏ సామానూ పెట్టకూడదని ఇంట్లో చట్టం చేశాను. పిల్లలిద్దరికీ తిప్పడం నేర్పించాను.

బయటి గోడల్లోంచి, క్రాల్ స్పేస్‌లోంచి, వేడి లేని గరాజ్‌లోంచి పోయే పైపులకి నురుగు తొడుగులు వేయాలి. అంతకన్నా ముఖ్యం, గోడల్లో గాలి దూరే కంతలు మూయాలి. చలికన్నా చలిగాలి ఎక్కువ చేటు చేస్తుంది. బాగా చలి ఉన్న రాత్రి సింకు కింద అలమర తలుపులు తెరిచి ఉంచితే ఇంటి వేడి పైపులకి అందుతుంది.

ఊరెళ్తే థర్మోస్టాట్ 55 డిగ్రీలకి (సుమారు 13 సెల్సియస్) తగ్గించొద్దు. మెయిన్ వాల్వు కట్టేసి, నల్లాలు తెరిచి పైపులు ఖాళీ చేసి వెళ్తే ఇంకా మంచిది. బాయిలరుతో, వేడినీళ్ళ రేడియేటర్లతో నడిచే ఇల్లయితే మాత్రం ముందు తెలిసినవాణ్ణి అడగండి.

ఎప్పుడైనా నల్లాలో నీళ్ళు రావడం ఆగితే నల్లా తెరిచి ఉంచి, హెయిర్ డ్రయ్యరుతో నల్లా వైపు నుంచి మొదలుపెట్టి మెల్లగా వేడి చేయండి. మంట పెట్టొద్దు. పైపు కరిగించబోయి ఇల్లు తగలబెట్టుకున్నవాళ్ళున్నారు.

పాత ఇళ్ళకి చలితో పనిలేని జబ్బులు కూడా ఉంటాయి. జింకు పూత ఇనుప పైపులు లోపల్నుంచి తుప్పు పట్టి సన్నబడతాయి, నీళ్ళ ధార ఏటేటా తగ్గుతుంటే అదో గుర్తు. మట్టి డ్రైనేజీ గొట్టాల అతుకుల్లోకి చెట్ల వేళ్ళు దూరతాయి, కెమెరా పంపి చూపించుకోవచ్చు. మాది చూస్తే సగం వేళ్ళే, తాత పీకిన తుమ్మ మొక్కలు గుర్తొచ్చాయి. ఇంట్లోకొచ్చే పైపు సీసానిదా అని కూడా చూసుకోండి. తాళంచెవితో గీకితే మెత్తగా, వెండిలా మెరిస్తే సీసం కావచ్చు. 2014లో నీళ్ళు మార్చాక ఫ్లింటులో ఏం జరిగిందో మా మిషిగన్ వాళ్ళకి చెప్పక్కర్లేదు. వాటర్ హీటరు అడుగున చేరిన మడ్డి ఏడాదికోసారి వదిలేయాలి. వాషింగ్ మెషీన్ రబ్బరు గొట్టాలు ఐదేళ్ళకోసారి మార్చాలి.

వెచ్చటి ఊళ్ళో ఉన్నాం, కొత్త ఇల్లు, మాకేం అనుకునే మిత్రులకి 2021 ఫిబ్రవరి గుర్తుండే ఉంటుంది. టెక్సాస్‌లో గడ్డకట్టే చలి వచ్చి, లక్షల ఇళ్ళకి కరెంటు పోయింది. డాలస్ చుట్టుపక్కల అటకల్లోంచి వేసిన పైపులు పగిలి, మనవాళ్ళ ఇళ్ళల్లోనూ సీలింగులు కూలాయి. ఆ వారం నాకొచ్చిన ఫోన్లన్నిట్లోనూ నేను అడిగిన మొదటి మాట పక్కింటాయన నన్ను అడిగిందే.

ఇది ఇళ్ళకే కాదు. మా మండలంలో వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్ లాంటి ఊళ్ళు ఖాళీ చేయించి కట్టిన 50 టీఎంసీల మల్లన్న సాగర్‌ని 2022 ఫిబ్రవరిలో ప్రారంభించారు. అది ఏ ప్రాజెక్టులో భాగమో, అదే కాళేశ్వరంలో మేడిగడ్డ బారేజీ పియర్లు 2023 అక్టోబరులో కుంగాయి. పరిశీలించిన జాతీయ డ్యాం భద్రతా సంస్థ కమిటీ ప్రణాళిక, డిజైను, నాణ్యతలతో పాటు నిర్వహణనీ తప్పుపట్టింది. ప్రారంభోత్సవానికి వచ్చినంత మంది కట్ట మీద నడవడానికి రారు. మన ఆఫీసుల్లో మాత్రం? కొత్త ఫీచరు రిలీజు చేసినవాడికి చప్పట్లు, ఏడాదంతా సర్వరు పడకుండా చూసినవాణ్ణి "నీకేం పనుంది?" అని అడుగుతాం.

బాపు మళ్ళీ నడిచాడు, కర్ర సాయంతో. మాత్రలు మళ్ళీ మానలేదు. ప్రతి అక్టోబరులో ఫోను చేసి "ఔ, తూము తిప్పినవా?" అనేవాడు. "నువ్వు గోలి వేసుకున్నావా?" అని నేను అడిగేవాణ్ణి. ఒకరి లెక్క ఒకరికి అప్పజెప్పుకునేవాళ్ళం. అలా మూడు అక్టోబర్లు గడిచాయి. నాలుగోది రాకముందే ఆయన పోయాడు.

ఇప్పుడు అడిగేవాళ్ళు లేరు కాబట్టి క్యాలెండరులో రిమైండరు పెట్టుకున్నాను, పేరు "తూము". అది మోగిన రోజు కిందికి దిగి వాల్వు ఒకసారి కట్టి, తీసి, పైకొచ్చి నా బీపీ చూసుకుంటాను.

చదవడం అయిపోయింది కదా, ఇక లేవండి. వెళ్ళి మీ వాల్వు ఎక్కడుందో చూసి రండి. ఊళ్ళో ఉన్న పెద్దవాళ్ళకి ఫోను చేసి, మాత్రలు వేసుకుంటున్నారో లేదో కూడా అడగండి.