అడుగలేకపోయిన మాట

ఈ వ్యాసమును వ్రాయవలయునా, వలదా యని మేము చాల దినములు సందేహించితిమి. యాత్రలను గూర్చి వ్రాయువారు గోపురములను, తోటలను, సముద్రమును వర్ణింతురు గాని ఆ యూర మరుగుదొడ్డి యెక్కడ నున్నదో యెవ్వరును వ్రాయరు. అయినను ఇల్లు కదలిన స్త్రీ మొట్టమొదట తెలిసికొనగోరునది యదియే. నోటితో అడుగదు; కన్నులతో వెదకును. కావున సోదరీమణులు పుట త్రిప్పివేయక కొంచెము సేపు మాతో కూర్చుందురు గాక.

గత కార్తికమాసమున మేమును, మావారును, మా అత్తగారును ఆస్ట్రేలియా దేశమున సిడ్నీ నగరములో నున్న మా ఆడుబిడ్డ యింటికి పోయి యుంటిమి. అత్తగారికి డెబ్బదియొక్క యేండ్లు. పదునైదేండ్లుగా మధుమేహము. కార్తికపౌర్ణమినాడు సముద్రస్నానము చేయుట ఆమెకు కాకినాడలో కాపురమున్ననాటి నుండియు నియమము. సిడ్నీలోను సముద్రమున్నది గాని ఆ నెలలో నీరు ఇంకను చల్లగా నుండుననియు, ఉత్తరముగా పోయినచో వెచ్చగా నుండుననియు చెప్పి, ఆడుబిడ్డ మమ్ము ముగ్గురను వారము దినములకు కూలంగాటా యను తీరపట్టణమునకు పంపెను. "సముద్రుడు ఏ దేశంలో అయినా ఒక్కడేగా" అని అత్తగారు సంతోషముగనే బయలుదేరిరి.

కూలంగాటా క్వీన్స్‌లాండు తీరమునకు దక్షిణపు కొస. 1846లో ఆ తీరమున పగిలిపోయిన యొక యోడ పేరే ఆ యూరికి వచ్చినది. కెరటములపై పలక నెక్కి నిలుచు సర్ఫింగు క్రీడకు అది ప్రపంచప్రసిద్ధమైన చోటు. ప్రక్కనున్న ట్వీడ్ నది ముఖద్వారమున ఇసుక మేటవేసి పడవల కడ్డుపడుచుండగా, 2001 నుండి ఆ యిసుకను యంత్రములతో తోడి ఉత్తరపు తీరములకు పంపుచున్నారు. దానివలన స్నాపర్ రాక్స్ మొదలు కిర్రా దిక్కునకు సముద్రము క్రింద పొడవైన తిన్నె యేర్పడి, అలలు విరుగక చాలదూరము సాగుచున్నవట. పిల్లలు, పండుముసలివారు సయితము చంకలో పలక పెట్టుకొని చెప్పులు లేకుండ వీధులలో తిరుగుచుందురు. విమానాశ్రయము ఊరి ప్రక్కనే యున్నది. దాని పరుగుబాట కొంత క్వీన్స్‌లాండులోను, కొంత న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రములోను పడినది. ఇందులో నొక చిక్కు గలదు. వేసవి రాగానే న్యూ సౌత్ వేల్స్‌వారు గడియారములను ఒక గంట ముందునకు జరుపుదురు, క్వీన్స్‌లాండువారు జరుపరు. మేము సిడ్నీ కాలమున పదిన్నరకు విమానము దిగితిమి. అక్కడి కాలము తొమ్మిదిన్నర మాత్రమే.

"మనకు గంట లాభం వచ్చింది" అని మావారు పొంగిపోయిరి.

"అయితే గది ఇచ్చే రెండు గంటలు ఏ రెండు గంటలు?" అని అత్తగారు అడిగిరి. ఈ ప్రశ్న ఆమె యెందులకు వేసిరో మాకప్పుడు తోచలేదు.

విమానాశ్రయములో మేము "లోపలికి పోయివత్తురా?" అని యొకమారు అడుగకపోలేదు. "ఎంతసేపు, గదికే పోతున్నాంగా" అని ఆమె తల యడ్డముగా త్రిప్పిరి. ఆడుబిడ్డ యింట చెంబును నీళ్లును ఉండెను. బయట కాగితమే గాని నీరుండదను సంగతి ఆమె వచ్చిన మొదటి దినముననే కనిపెట్టిరి. అందుచేత ముందటి రాత్రి నుండి ఆమె నీళ్లు త్రాగుట మానివేసిరి! మాత్రలు మ్రింగుటకు రెండు గ్రుక్కలు మాత్రమే పుచ్చుకొనిరట. ఇది మాకు తరువాత తెలిసినది.

వసతిగృహమువారు పెట్టెలు తీసికొని, రెండు గంటలకు రమ్మని మర్యాదగనే చెప్పిరి. సముద్రపుటొడ్డున బల్లమీద కూర్చుంటిమి. ఎండ తీవ్రముగా నుండెను. సముద్రముమీదుగా విమానములు ఒకదాని తరువాత నొకటి దిగుచుండగా మావారు లెక్కించుచుండిరి. పదునొకండు గంటల వేళ అత్తగారి వైపు చూచితిమి. పెదవులు ఎండిపోయినవి. ఒక చేయి పొత్తికడుపుపై నున్నది. "ఏమమ్మాయీ, ఈ ఊళ్లో ఆడవాళ్లు ఎక్కడికి పోతారే?" అని చెవిలో అడిగిరి.

మేము లేచి చూచితిమి. ఎదుట కాఫీ యంగళ్లు వరుసగా నున్నవి. ఒక యంగడిలో వెనుకతట్టు తలుపు కనబడెను గాని, దానిపై 'కొనువారికి మాత్రమే' యని ఆంగ్లమున వ్రాసిన బల్ల యుండెను. "మూడు కాఫీలు కొందాం, అప్పుడు పోవచ్చును" అని మావారు ఉపాయము చెప్పిరి. "కాఫీ తాగితే ఇంకోసారి పోవలసివస్తుంది కాదురా" అని అత్తగారు. ఆ స్థితిలోను మాకు నవ్వు వచ్చినది, ఆమెకు రాలేదు.

మేము ఇరువది రెండేండ్లు ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెప్పినవారము. అయినను ఆ చిన్న మాట నోట రాలేదు. మగవారు ఇద్దరు ప్రక్కగా పోయిరి, అడుగలేదు. పిల్లను ఎత్తుకొన్న తల్లి పోయెను, అడుగలేదు. పలక పట్టుకొని తడిసిన జుట్టుతో నొక పడుచు వచ్చుచుండగా తెగించి, మర్యాదగా నుండునని తలచి, 'రెస్ట్‌రూము' ఎక్కడ అని అడిగితిమి. అది అమెరికావారి మాట. ఆ పిల్ల మమ్మును అత్తగారిని చూచి, ముసలామె అలసినది గాబోలునని చెట్టు నీడనున్న బల్లను చూపించెను! అప్పుడు సిగ్గు విడిచి 'టాయిలెట్' అంటిమి. "ఓ, టాయిలెట్సా!" అని ఆమె ఒడ్డంతయు వినబడునట్లు పలికి, పలకనే చేయిగా చాచి, ఎఱుపు పసుపు జెండాలు ఎగురుచున్న వైపునకు చూపెను. ఆ మాటకు ఎవ్వరును తల త్రిప్పలేదు. మేము మాత్రము సముద్రములో దూకవలె నన్నంతగా సిగ్గుపడితిమి.

నడచినచో రెండు నిమిషముల దూరము. మేము కూర్చున్నచోటికి కనబడకుండుటకు కారణము నడుమ నున్న తోటయే. గోడ బయట స్నానమునకు జల్లుగొట్టములు, కాళ్లు కడిగికొనుటకు కుళాయిలు ఉన్నవి. లోపల నేలపై తడి యిసుక, అయినను దుర్వాసన లేదు, తలుపులకు గడియలున్నవి, డబ్బు అడుగువారు లేరు. సంచిలోని నీళ్లసీసాను బయటి కుళాయివద్ద నింపి అత్తగారి చేతి కిచ్చితిమి. ఆమె చాలసేపటికి గాని బయటికి రాలేదు. వచ్చి, కాళ్లు కడిగికొని, కుళాయి క్రిందనే దోసిలి పట్టి నీళ్లు త్రాగుచుండగా మేము వారించి, త్రాగు నీటి కుళాయివద్దకు తీసికొనిపోయితిమి.

కథ అక్కడితో ముగిసినచో ఈ వ్యాసము వ్రాయకపోదుము. ఆ రాత్రి ఆమెకు చలియు జ్వరమును వచ్చినవి. మంట యున్నదని తెల్లవారుజామున గాని చెప్పలేదు. ఉదయముననే వైద్యురాలి యొద్దకు పోయితిమి. ఆమె మూత్రము పరీక్షించి, క్రిములు చేరినవని చెప్పి మందు వ్రాసియిచ్చి, "నిన్న ఎన్ని గ్లాసుల నీళ్లు త్రాగిరి?" అని అడిగెను. మేము తెలుగున అడుగగా అత్తగారు నేల చూచుచు, "ఏం చెప్పను? ప్రయాణం అంటే నేనెప్పుడు తాగాను?" అనిరి. ఎప్పుడును త్రాగలేదట. పెండ్లికూతురుగా బండిలో వచ్చిననాడు గాని, కాశీకి రైలెక్కిననాడు గాని, ఆసుపత్రిలో తన తండ్రిని చూడబోయినప్పుడు గాని.

వైద్యురాలు చెప్పినదానిని సోదరీమణులకు కొంత విడమరచి చెప్పుట మంచిది. స్త్రీల మూత్రమార్గము పురుషుల దానికంటె చాల పొట్టి, నాలుగు సెంటీమీటర్లు మాత్రమే. అందుచేత సూక్ష్మక్రిములు మూత్రాశయమునకు సులువుగా చేరును. నీరు త్రాగి, వచ్చినప్పుడెల్ల పోవుచున్నచో ఆ ప్రవాహమే వానిని కడిగివేయును. నీరు మాని, గంటలకొలది బిగబట్టినచో అవి పెరుగుటకు అవకాశము కలుగును. ముట్లుడిగిన తరువాత ఆ భాగము పలుచబడుటచేత, మధుమేహమున్నచో మూత్రమున చక్కెర చేరుటచేత, ఆపద మఱింత హెచ్చును. మూత్రపిండములకు ప్రాకినచో ప్రాణముమీదికి రావచ్చును. జ్వరము, వణుకు, నడుము ప్రక్కల నొప్పి కనబడినచో ఇంటి మందులతో కాలము గడుపరాదు.

మేము అత్తగారిని ఏమని నిందింతుము? పెండ్లిబస్సులు దారిలో నాగినప్పుడు మగవారందఱు దిగి గోడచాటునకు పోవుటయు, ఆడువారము కిటికీలు మూసికొని కూర్చుండుటయు మాకు చిన్ననాటి నుండి తెలిసినదే. దిగుమని మమ్ము ఎవ్వరును అనలేదు; దిగుదుమని మేమును అనలేదు. పాఠశాలలో ఉపాధ్యాయినులము సాయంకాలము నాలుగున్నర వఱకు మంచినీళ్ల కూజావంక చూడని సంవత్సరములు గలవు. 1970లో మొదలైన సులభ్‌వారి కట్టడములు మన బస్సుస్టాండులలోనికి వచ్చినవి, మేలు జరిగినది, కాదనము. కాని ద్వారమున బల్ల వేసికొని చిల్లర పుచ్చుకొను మగవానిని చూచి వెనుదిరిగిన ఆడువారిని మేమెఱుగుదుము. ఒకమారు మేమే వెనుదిరిగితిమి.

ఆ దేశపు స్త్రీలకును ఈ సౌకర్యము పుట్టుకతో వచ్చినది కాదు. మెల్‌బోర్న్ నగరమున మగవారికి వీధిలో మూత్రశాల 1859లోనే వెలసినదట. ఆడువారికి చోటుగల ప్రజాశౌచాలయము 1902లో గాని రాలేదు. నడిమి నలువది మూడేండ్లు ఆ నగరపు స్త్రీలు కూడ కిటికీలు మూసికొనియే కూర్చుండిరన్నమాట. ఇప్పుడో, ప్రభుత్వమువారు 2001 నుండి దేశమునందలి మరుగుదొడ్లన్నిటికి ఒక పటము తయారుచేసి యుంచినారు. చేతిఫోనులో చూడవచ్చును. ఏది యే వేళలలో తెఱచియుండునో, చక్రపుకుర్చీ పట్టునో లేదో, పసిపిల్లకు గుడ్డ మార్చుటకు బల్ల యున్నదో లేదో అందులో నుండును. ఈ పటము మూత్రము నిలుపుకొనలేని జబ్బు గలవారికొఱకు పుట్టినది. ఆడుబిడ్డకు ఆ సంగతి తెలియునట! "మీరు అడగలేదుగా వదినా" అనెను. నిజమే, అడుగలేదు.

మూడవ దినమునకు జ్వరము దిగినది. నాలుగవ దినమున అత్తగారు మంచముమీదనే పటము చూచుట నేర్చుకొనిరి. ఆ పిమ్మట ఆమె వేఱొక మనిషి. ఎఱుపు పసుపు జెండాలున్న చోట ప్రాణరక్షకుల సంఘపు కట్టడము, దాని చేరువనే మరుగుదొడ్డియు కుళాయియు నుండునని ఆమెయే ఒక సూత్రము కట్టిరి. అది ఆ యూర ఎక్కడను తప్పలేదు. కిర్రా నుండి రెయిన్‌బో బే దాక తీరపుబాట వెంబడి మేము రోజును నడచితిమి. నడచిన ప్రతిదినమును చిన్న సీసాతో బయలుదేరి, త్రాగుచు, అవసరమైనప్పుడు ఆగుచు పోయితిమి. 1770లో కుక్కు నావికుడు పేరుపెట్టిన పాయింట్ డేంజరు కొండకొమ్మునకు మేము సరదాగా ఎక్కుదుమనగా, అత్తగారు ముందు పటము చూచి గాని కదలలేదు. అక్కడ రెండు రాష్ట్రముల సరిహద్దున చెరొక కాలు పెట్టి నిలుచుండి, "ఈ కాలికి పదకొండు, ఆ కాలికి పన్నెండు" అని నవ్విరి. ఆమె అట్లు నవ్వగా మేము చూచి చాలకాలమైనది.

పౌర్ణమినాటి ఉదయమున ఐదు గంటలకే వెలుతురు వచ్చినది. అప్పటికి జెండాలు నాటలేదు గనుక రక్షకులు వచ్చుదాక ఒడ్డుననే కాచుకొని, తరువాత జెండాల నడుమ మోకాలిలోతున కూర్చుండి అత్తగారు మూడు మునుకలు వేసిరి. ప్రక్కనే పలకలవాండ్రు అలలకై కాచుకొనియుండిరి. ఒక యలకు చీర తలపైకి వచ్చి ఆమె మునిగిపోబోగా మావారు పట్టుకొనిరి. గట్టునకు వచ్చి జల్లు క్రింద ఉప్పు కడిగికొని, మమ్ము తోడు రమ్మనకయే లోపలికి పోయి పొడిచీర కట్టుకొని వచ్చిరి.

తిరుగు ప్రయాణమున విమానాశ్రయములో ఆమె కుళాయివద్ద సీసా నింపుకొని అక్కడనే సగము త్రాగిరి. పెట్టెలు పుచ్చుకొను పిల్లను చూచి, మేము నోరు తెఱచులోపలనే, "టాయిలెట్?" అని గట్టిగా నడిగిరి. ఆ పిల్ల చేయి చూపినది. అత్తగారు చేతిసంచి మా యొడిలో వేసి పోయిరి. విమానమునకు పిలుపు వచ్చినది. మావారు గడియారము చూచుకొని, "సిడ్నీలో దిగేటప్పటికి మన గంట పోతుంది" అని విచారపడిరి. అత్తగారు తొందర లేకుండ కొంగుతో చేతులు తుడుచుకొనుచు వచ్చి, "పోతే పోనీరా, దాంతో నాకిప్పుడు పనిలేదు" అని సీసా యిమ్మని చేయి చాచిరి.