పడే తిండి

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఏ పూట ఏం వండాలో చెప్పేది పంచాంగమూ కాదు, డాక్టరూ కాదు, డ్యూటీ రోస్టరు. గూడ్సు బండి నడిపేవాళ్లున్న ఇంట్లో అర్ధరాత్రి పొయ్యి వెలగడం వింతేమీ కాదు. ఫోను మోగుతుంది. మా మామగారి రోజుల్లో అయితే కాల్‌బాయ్ పుస్తకం పట్టుకుని వచ్చి తలుపు కొట్టేవాడు. మనిషి నిద్రమొహంతో స్నానానికి పోతాడు, మనం డబ్బా కట్టాలి. ఆ డబ్బాలో ఏం పెడితే తెల్లారేదాకా కళ్లు మూతలు పడకుండా ఉంటాయన్నది మా కాలనీ ఆడవాళ్ల శాస్త్రం. నీరసం పోగొట్టే పది ఆహారాలంటూ ఫోనుకు వచ్చే జాబితాలు చదువుతూనే ఉంటాను. బాదం అంటారు, అరటిపండు అంటారు. ఎవరు తినాలి, ఏ వేళ తినాలి, ఏ పనికి ముందు తినాలి అన్నది మాత్రం ఒక్కడూ రాయడు.

ఈ ఊరు ఆగ్నేయ మధ్య రైల్వేకి కేంద్రమైంది 2003లోనే గానీ, తెలుగువాళ్ల రాక అంతకు చాలా ముందు, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే నాటి మాట. 1887లో పుట్టిన ఆ కంపెనీ పట్టాలు ఇటు బిలాస్‌పూర్ మీదుగా పోతే అటు వాల్తేరుదాకా వెళ్లాయి. పట్టాలు వెళ్లిన దారినే శ్రీకాకుళం, విజయనగరం వైపు జనం కొలువులకు వచ్చారు. వస్తూ వస్తూ చింతపండు తెచ్చుకున్నారు, చోడిపిండి తెచ్చుకున్నారు, మల్లెపువ్వులాంటి తెల్లన్నం మీద మోజు కూడా తెచ్చుకున్నారు.

ఆ మోజుకు ఒక చరిత్ర ఉంది. గత శతాబ్దం మొదటి సగంలో ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి జబ్బు పాతుకుపోయి ఉండేది. మరలో తెల్లగా పాలిష్ పట్టిన పచ్చి బియ్యం, వాటిని నాలుగుసార్లు కడగడం, వార్చి గంజి పారబోయడం. ఇన్నిటి మధ్యా థయమిన్ అనే బి1 విటమిన్ కొట్టుకుపోతుంది. పిండి పదార్థాన్ని శక్తిగా మార్చడానికి ఒంటికి అదే కావాలి. అది చాలకపోతే కాళ్లు బరువెక్కుతాయి, ఆయాసం వస్తుంది. కడుపునిండా అన్నం తిని, ఆ అన్నం వల్లనే నీరసించిపోవడమన్న మాట! ఈ జబ్బు మీద పరిశోధనకు రాబర్ట్ మెక్‌కారిసన్ 1918లో కూనూరులో పెట్టిన చిన్న కేంద్రమే తరవాత పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు వచ్చి, జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఉప్పుడు బియ్యం తినేచోట మాత్రం బెరిబెరి అరుదు. వడ్లను నానబెట్టి, ఉడికించి, ఆరబెట్టి ఆడిస్తే పైపొరలోని విటమిన్ కొంత గింజలోకి దిగి నిలిచిపోతుంది మరి.

బుధవారీ బజారులో ఈ రెండు రకాలూ పక్కపక్కనే ఉంటాయి. అర్వా అంటే పచ్చి బియ్యం, ఉసనా అంటే ఉప్పుడు బియ్యం. ఇక్కడి పల్లె మనిషి ఏది తినాలో పుస్తకం చూసి నేర్చుకోలేదు. అన్నం వండి, చల్లార్చి, నీళ్లు పోసి అప్పటికప్పుడు తింటే బోరే. రాత్రంతా నానబెట్టి పొద్దున్న తింటే బాసీ. పక్కన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, ఏదో ఒక ఆకుకూర. మన చద్దన్నానికి అన్నదమ్ముడే. 2022 మే డే నాడు అప్పటి ఛత్తీస్‌గఢ్ ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ అందరినీ బోరే బాసీ తినమన్నారు. దాంతో పొలంగట్టు తిండి ఆఫీసు బల్లలు ఎక్కింది.

అప్పటినుంచీ దానికి లేని మహిమలు కూడా అంటగడుతున్నారు. రాత్రి నానితే ఇనుము ఎన్నో రెట్లు పెరుగుతుందట. బియ్యంలో లేని ఇనుము తెల్లారేసరికి ఎక్కడినుంచి ఊడిపడుతుంది? పులిసినందువల్ల ఉన్న ఇనుమే ఒంటికి కాస్త తేలిగ్గా అందుతుంది, అంతవరకు నిజం. చక్కెర జబ్బుకు మంచిదంటారు. చల్లారిన అన్నంలో కొంత పిండి తొందరగా అరగదు, అదీ నిజమే; కానీ రెండో గిన్నె తింటే అది రెండో గిన్నే. ఎండ 45 డిగ్రీలు దాటే మే నెలలో ఉప్పేసిన చద్దినీళ్లు చేసే మేలు నేను కళ్లారా చూశాను. అలాగని డబ్బాలో పోసి ఇంజనులో గంటల తరబడి ఉంచితే చెడిపోతుంది. ఇంట్లో తాగి బయల్దేరవలసిందే.

రాత్రి డ్యూటీకి లెక్క వేరు. అర్ధరాత్రి వేళ ఒళ్లు చక్కెరను పగటిపూటలా సర్దుకోలేదు. పక్క క్వార్టరు బాబాయిగారు గార్డుగా రిటైరయ్యారు. ఇప్పుడు ఆ ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అనాలట, ఆయన మాత్రం గార్డుననే చెప్పుకుంటారు. ఆయన మాట ఇది: “బండెక్కే ముందు బొజ్జనిండా తిన్నావా, సిగ్నలు రెండుగా కనపడతాది, అమ్మాయ్.” అందుకని మావారు ఎక్కేముందు తేలిగ్గా తింటారు. డబ్బాలో రెండు రొట్టెలు, పప్పు, వేయించిన శనగలు. ఉలవచారు ఆయనకు ప్రాణం, కడుపుకు మాత్రం పడదు, సెలవు రోజుకే. నాకు పాలు పడవు, మజ్జిగ పడుతుంది. చాలామంది పెద్దవాళ్లకు పాలలోని చక్కెర అరగదు, పెరుగులో అది కొంత తగ్గిపోతుంది. ఒకే వంటింట్లో రెండు ఒళ్లకు రెండు తీర్పులు.

మా ఆడవాళ్ల నీరసం మరో కథ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అంటే సగానికి పైగా. అలాంటి మనిషికి ఏ తిండి పడుతుందా అని వెతికే ముందు రక్త పరీక్ష చేయించాలి. బజారులో ఎర్ర తోటకూర ఉంది, చేంచ్ భాజీ ఉంది, అమారీ పేరుతో మన గోంగూర ఉంది. కొని, వండి, నిమ్మకాయ పిండుకుని తిని, వెంటనే గ్లాసుడు టీ తాగితే తిన్న ఇనుములో చాలా భాగం టీతోపాటే పోతుంది. మా కాలనీలో భోజనం కాగానే టీ పెట్టకపోతే మర్యాద తక్కువ చేసినట్టు. ఈ విషయంలో నేను ఎవరినీ మార్చలేకపోయాను.

ఉసనా బియ్యం మాత్రం నెమ్మదిగా మా ఇంట్లోకి వచ్చాయి, మధ్యాహ్నానికి మాత్రమే. అత్తగారు వచ్చిన నెల డబ్బా వెనక్కి జరుగుతుంది. ఒకసారి ఉడికిన వడ్ల బియ్యం దేవుడికి నైవేద్యానికి పనికిరావని ఆవిడ నమ్మకం. విటమిన్ సంగతి చెప్పబోతే, “దేవుడికి బెరిబెరి వస్తుందా?” అన్నారు.