నీడ మాయమయ్యే నేల: మంచిర్యాలలో వేసవి

ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వర్షం కురిసే నేలను ఎడారి అని ఎవరూ అనరు. గోదావరి ఒడ్డున ఉన్న మంచిర్యాల అటువంటి నేలే. అయినప్పటికీ ఏప్రిల్ మాసంలో ఇక్కడికి వచ్చే ప్రయాణికునికి మొదట కనిపించేవి ఎండిన గుట్టలు, ఆకులు రాల్చిన అడవి, దుమ్ము కమ్మిన ఆకాశం. కురిసే వానలో అధిక భాగం జూన్ నుండి సెప్టెంబరు లోపే కురిసిపోతుంది. మిగిలిన కాలమంతా నేల ఆ తేమనే పొదుపుగా వాడుకోవాలి. వేసవి మొదలయ్యే నాటికి ఆ పొదుపు అడుగంటుతుంది.

మేము కాజీపేట నుండి బల్లార్షా వైపు సాగే రైలులో ఇక్కడికి చేరుకున్నాము. రామగుండం విద్యుత్ కేంద్రపు పొగగొట్టాలు వెనుకబడి, పెద్దంపేట స్టేషన్ దాటిన తరువాత రైలు గోదావరి వంతెన ఎక్కుతుంది. 2019లో కాళేశ్వరం బ్యారేజీలు వచ్చాక నదిలోని ఈ భాగం కొంతకాలం వేసవిలోనూ నిండుగా కనిపించేది. 2023 అక్టోబరులో మేడిగడ్డ వద్ద పిల్లర్లు కుంగిన తరువాత సుందిళ్లలోనూ నీటి నిల్వ ఆగిపోయింది. మేము చూసినప్పుడు వంతెన కింద ఇసుక మేటలు, వాటి నడుమ సన్నని పాయలు మాత్రమే ఉన్నాయి.

ఇక్కడి ఎండ తీవ్రతకు కారణాలు లేకపోలేదు. సముద్రం వందల కిలోమీటర్ల దూరంలో ఉంది. దాని చల్లగాలి ఇంతవరకు రాదు. వాయవ్యం నుండి వీచేది పొడిగాలి. నేలలో తడి ఉన్నంతకాలం సూర్యుని వేడిలో కొంత ఆ తడిని ఆవిరి చేయడానికి ఖర్చవుతుంది. తడి ఆరిపోయాక ఆ వేడి అంతా నేలనూ గాలినీ కాచడానికే మిగులుతుంది. అందుకే మే వచ్చేసరికి 45 డిగ్రీలు ఇక్కడివారికి కొత్త సంగతి కాదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న పెద్దల మాట ఊరికే పుట్టలేదు.

మరొక సంగతి కూడా ఉంది. మే నెల నడుమ మధ్యాహ్న సూర్యుడు మంచిర్యాలకు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు; నిటారుగా నిలబడిన మనిషి నీడ పాదాల కిందికి చేరిపోతుంది. అక్కడి నుండి ఉత్తరానికి కదిలిన సూర్యుడు మే 27, 28 తేదీలలో మక్కాలో పవిత్ర కాబాకు నేరుగా పైకి వస్తాడు. ఆ ఘడియలో సూర్యుడు కనిపించే ప్రతి దేశంలోనూ ముస్లిములు ఆ దిక్కును చూసి ఖిబ్లాను సరిచూసుకోవచ్చు. చెట్టు మొలవని కొండల నడుమ ఉన్న ఆ లోయనూ, గోదావరి ఒడ్డునున్న ఈ పట్టణాన్నీ రెండు వారాల తేడాతో ఒకే సూర్యుడు ఇలా నీడ లేకుండా చేస్తాడు.

లక్షెట్టిపేట మీదుగా జన్నారం వైపు వెళితే కవ్వాల్ అడవి మొదలవుతుంది. 2012లో దీనిని పులుల అభయారణ్యంగా ప్రకటించారు. టేకు చెట్లు ఆకులన్నీ రాల్చి మోడులై నిలిచి ఉంటాయి. అది మరణం కాదు, నీటిని కాపాడుకునే ఉపాయం. మోదుగు పూలు అప్పటికే రాలిపోయి ఉంటాయి. ఇప్పపూలు మాత్రం తెల్లవారుజామున నేలపై పరచుకుంటాయి. గోండు, కోలాం, నాయకపోడు కుటుంబాలు చీకటితోనే లేచి వాటిని ఏరుకుంటాయి. ఆ తరువాత తునికాకు సేకరణ. ఆకుల కట్టను నెత్తిన పెట్టుకుని నడుస్తున్న ఒక వృద్ధురాలు మాతో, “పొద్దు నెత్తిమీదికి రాకముందే ఇల్లు చేరాలె బిడ్డా” అన్నది. అటవీ సిబ్బంది వన్యప్రాణుల కోసం సిమెంటు తొట్లు కట్టి, వాటిని ట్యాంకర్లతో నింపుతారు. దాహం తీర్చే ఏర్పాటు జంతువులకు సైతం అవసరమైన కాలమిది.

శ్రీరాంపూర్, మందమర్రి ప్రాంతాలలో దృశ్యం వేరు. సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనులలో నల్లని బొగ్గు, తవ్విపోసిన రాయి పగలంతా వేడిని తాగి సాయంత్రం వెళ్లగక్కుతాయి. అక్కడ చెట్టు ఉండదు. యంత్రపు నీడే నీడ. కూలర్ ముందు కూర్చున్నవానికి ఎండ ఒక వార్త. గనిలో, ఇటుక బట్టీలో, రోడ్డు పనిలో ఉన్నవానికి అదే ప్రాణసంకటం. 2024 హజ్ దినాలలో మక్కాలో ఉష్ణోగ్రత 51.8 డిగ్రీలకు చేరి, 1,300 మందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు అనుమతి పత్రాలు లేక, గుడారపు నీడకు నోచుకోక, ఎండలో దూరాలు నడిచినవారేనని అక్కడి ప్రభుత్వం తెలిపింది. ఎండ అందరిపైనా ఒకేలా కాస్తుంది. నీడ మాత్రం అందరికీ ఒకేలా దొరకదు.

ఇస్లాం ఈ తేడాను ఎరిగిన ధర్మం. ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు జుహర్ నమాజును కొంత చల్లబడేవరకు ఆలస్యం చేయమని దైవప్రవక్త (స) సూచించారు. ఆరాధనలోనే ఇంత వెసులుబాటు ఉన్నప్పుడు, మన వద్ద పనిచేసేవారికి మధ్యాహ్నపు విరామం ఇవ్వడానికి వెనుకాడటం ఏ న్యాయం? దానాలలో ఉత్తమమైనది ఏదని హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (రజి) అడిగినప్పుడు ఆయన (స) నీటినే పేర్కొన్నారు.

ఈ దానానికి సంపద అక్కరలేదు. గడప ముందు చెట్టుకింద మూతపెట్టిన రంజన్, ఒక గ్లాసు ఉంటే చాలు. ఇంటికి సరుకు మోసుకొచ్చిన హమాలీకి డబ్బుతోపాటు గ్లాసెడు సల్ల ఇవ్వవచ్చు. గోడ కట్టే మేస్త్రీని తెల్లవారుజామునే పనికి రమ్మని, మధ్యాహ్నం నడుం వాల్చనివ్వవచ్చు. ఎవరికైనా ఒళ్లు కాలిపోతూ, మాట తడబడి, స్పృహ తప్పుతుంటే అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, తడిగుడ్డలతో శరీరం చల్లబరచి, 108కి ఫోన్ చేయాలి. స్పృహలో లేనివారి నోట నీరు పోయరాదు.

జూన్‌లో మృగశిర కార్తెతో మబ్బులు వస్తాయి, టేకు మళ్లీ చిగురిస్తుంది, గోదావరి పాయలు కలుస్తాయి. అంతవరకు ఇక్కడి దారుల వెంట నడిచే మనిషికి నీడ మనం ఇవ్వవలసినదే.