చియాంగ్ మాయ్‌లో అక్కయ్యగారింట

2024 నవంబరు నెలాఖరున మేమిద్దరం థాయిలాండు దేశం వెళ్ళివచ్చాము. మా ఊళ్ళో చాలామంది, "ఈ వయసులో విహారయాత్రా మాస్టారూ!" అని నవ్వారు. విహారయాత్ర కాదు. ఉత్తరాన చియాంగ్ మాయ్ పట్టణంలో మా పెద్దక్కయ్య, బావగారు కాపురముంటున్నారు. (అక్కయ్య అన్నామే గాని మాలో ఒకరికి అక్కయ్య, ఒకరికి వదిన. ఈ వ్యాసంలో ఇద్దరికీ అక్కయ్యే.) "డిసెంబరు 12తో మా గడువు తీరిపోతుంది. ఈసారి కాగితం దొరికేట్టు లేదు. ఒకసారి వచ్చి ఉండండే" అని ఆమె ఫోనులో అన్న మాటకు మేము బయలుదేరాము.

అక్కయ్య గుంటూరులో నర్సింగు చదివి, బావగారితో అమెరికా వెళ్ళి, అక్కడి ఆసుపత్రుల్లో ముప్పై ఏళ్ళు రాత్రి డ్యూటీలు చేసిన మనిషి. ఇద్దరికీ ఆ దేశపు పౌరసత్వమే. ఉద్యోగాలు విరమించాక అక్కడి ఇంటి అద్దెలకు, మందుల ఖర్చులకు పింఛను చాలక, 2019 డిసెంబరులో చియాంగ్ మాయ్ చేరారు. ఇండియాకు రాకుండా అక్కడికెందుకు వెళ్ళారని అప్పట్లో బంధువులంతా నొచ్చుకొన్నారు. మేమూ నొచ్చుకొన్నాము. నిజం చెప్పాలంటే ఇక్కడ పొలం తగాదా ఒకటి కోర్టులో ఉంది, అది వేరే కథ.

బ్యాంకాక్ దాకా విమానంలో వెళ్ళి, అక్కడి నుండి రాత్రి రైలెక్కాము. 751 కిలోమీటర్లు. తెల్లవారేసరికి కొండలు, టేకు చెట్లు, కోతకొచ్చిన వరిచేలు కనబడ్డాయి. మన పాడేరు వైపు వెళ్తున్నట్టే ఉంది. మేము వెళ్ళినప్పుడు భారతీయులకు వీసా లేకుండానే 60 రోజులు ఉండనిస్తున్నారు గనుక మాకు ఏ ఇబ్బందీ కలుగలేదు. రైల్లో ఈ మాటే అనుకొన్నాము. వారం పది రోజులు చూసి పోయేవారికి తలుపు బార్లా తెరిచి ఉంది, అక్కడే కన్నుమూయాలనుకొన్న ముసలివారికి మాత్రం ఏటేటా గడప దాటడమే.

చియాంగ్ మాయ్ పాత పట్టణం. 1296లో మాంగ్రాయ్ అనే రాజు కట్టించాడు. నలుచదరంగా కోటగోడ, దాని చుట్టూ నీటి కందకం ఇప్పటికీ ఉన్నాయి. పడమట సుతేప్ కొండ. ఊళ్ళో తిరగడానికి ఎర్రరంగు వ్యాన్లుంటాయి, వెనక రెండు బల్లలు ఎదురెదురుగా వేసి ఉంటాయి, మన షేరు ఆటోలాగే చెయ్యెత్తి ఆపి ఎక్కడమే. బజారులో చింతపండు, కొత్తిమీర, అరటిపువ్వు, పనసకాయ, ఎండుచేపలు చూసి ప్రాణం లేచివచ్చింది. వారి ముద్దన్నం చేత్తో ఉండ చేసుకొని తింటారు. పచ్చళ్ళ విషయంలో మాత్రం మనదే పైచేయి.

అక్కయ్యగారి ఇల్లు ఊరికి దక్షిణాన పింగ్ నది ఒడ్డుకు దగ్గర. అంతకు రెండు నెలల ముందు, అక్టోబరు మొదట్లో, ఆ నది ఎన్నడూ లేనంతగా పొంగి పట్టణాన్ని ముంచింది. ఇంటి గోడమీద మోకాలెత్తున బురదచార ఇంకా ఉంది. తుడవలేదేమని అడిగాము. "ఉండనివ్వు, ఎంతవరకు వచ్చిందో గుర్తుండాలిగా" అన్నారు బావగారు.

ఆ నదిలోనే ఒక లంక ఉంది. 1908లో అమెరికా ప్రెస్బిటేరియన్ మిషను వైద్యుడు జేమ్స్ మెకేన్ ఆ లంకలో కుష్ఠురోగులకు ఆశ్రయం మొదలుపెట్టాడు. మన నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లి ఆసుపత్రి చూసినవారికి ఆ వాతావరణం తెలుస్తుంది. పెద్ద పెద్ద చెట్లు, చిన్న చిన్న కుటీరాలు, ఎవరూ తొందరపడని నడక. ఇప్పుడు అక్కడ కుష్ఠు తగ్గింది గనుక వృద్ధులకు నివాసాలు కూడా ఏర్పరచారు. అక్కయ్య సాయంత్రాలు అటు నడిచివెళ్తుంది. మమ్మల్నీ తీసుకువెళ్ళింది. ఒక చెట్టు కింద కూర్చొని అసలు సంగతి చెప్పింది.

యాభై ఏళ్ళు నిండిన విదేశీయులు ఆ దేశంలో విశ్రాంతిగా ఉండడానికి ఒక వీసా ఉంది. వారి స్వదేశంలోని థాయి రాయబార కార్యాలయంలోనే తీసుకొని రావచ్చు. దానిని 'ఓ-ఏ' అంటారు. ఏడాదికొకసారి ఇమ్మిగ్రేషను ఆఫీసులో పొడిగించుకోవాలి. అందుకు థాయి బ్యాంకులో 8 లక్షల బాత్‌లు నిలవ ఉండాలి, లేదా నెలకు 65 వేల బాత్‌ల రాబడి చూపాలి. ఒక బాత్ మనకు రెండున్నర రూపాయలకు పైమాటే గనుక ఆ 8 లక్షలు మన లెక్కలో ఇరవై లక్షలు దాటుతాయి. ఆ సొమ్ము దరఖాస్తుకు ముందు రెండు నెలలు, తరువాత మూడు నెలలు కదలకూడదు. మిగతా ఏడాది కూడా సగానికి తగ్గకూడదు. ఇది చాలదన్నట్టు 90 రోజులకొకసారి, మేము ఫలానా ఇంట్లోనే ఉన్నామని తెలియజేసుకోవాలి.

ఇంతవరకు అక్కయ్యకు బాధలేదు. బాధంతా ఇన్సూరెన్సు దగ్గర వచ్చింది. 2019 అక్టోబరు 31 నుండి ఈ ఓ-ఏ వారికి ఆరోగ్య బీమా తప్పనిసరి చేశారు. ఆసుపత్రిలో చేరితే 4 లక్షల బాత్‌లు, బయటి వైద్యానికి 40 వేలు వచ్చే పాలసీ ఉండాలన్నారు. విదేశీయులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో బాకీలు పెట్టి వెళ్ళిపోతున్నారన్నది వారి ఫిర్యాదు. ఆ దేశం 2002 నుండి తన ప్రజలందరికీ వైద్యం ఏర్పాటు చేసింది, వచ్చిన కొత్తలో ఒక్కో రోగి 30 బాత్‌లు కట్టి చూపించుకొనేవాడు. తమ రైతు కట్టిన పన్నుతో పరాయివాడి బిల్లు ఎందుకు తీర్చాలని వారడిగితే తప్పు పట్టడానికేమీ లేదు. ఆ మాట బావగారే అన్నారు.

కాని తరువాత ఆ మొత్తాన్ని 30 లక్షల బాత్‌లకు పెంచారు. మన డబ్బులో 75 లక్షలు దాటుతుంది. కొత్త వీసాలకు 2021లో, పొడిగింపులకు ఆ మరుసటి ఏడు. అప్పటికి బావగారికి డెబ్బై మూడు. అంత వయసువారికి పాలసీ ఇచ్చే కంపెనీలే తక్కువ, ఇచ్చినవారు మొదటి ఏడు కట్టినదానికి మూడింతలు అడిగారు. ఒక ఏజెంటు వచ్చి చవక మార్గం చూపాడు. అందులో మొదటి 3 లక్షల బాత్‌ల ఖర్చు రోగిదే, ఆపైన అయితేనే కంపెనీ ఇస్తుంది. కాగితంమీద 30 లక్షలు కనబడతాయి, ఆఫీసరు ముద్ర వేస్తాడు.

2023లో బావగారికి గుండెలో నొప్పి వచ్చి ఆసుపత్రిలో చేర్చారు. బిల్లు 3 లక్షలకు లోపే తేలింది, అంటే మొత్తం వారే కట్టుకొన్నారు. మరుసటి ఏడు ఆ కంపెనీవారు గుండె జబ్బుకు మా పాలసీ వర్తించదని రాశారు. డెబ్బై అయిదు నిండేసరికి అసలు పాలసీయే ఇవ్వలేమన్నారు.

"నేను ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో చేశానే. ఇన్సూరెన్సు లేదని వెనక్కి పోయినవాళ్ళను ఎంతమందిని చూశానో! నా గుమ్మంలోకే వచ్చింది" అంది అక్కయ్య. అమెరికాలో అరవై అయిదు దాటినవారికి సర్కారువారిచ్చే మెడికేర్ ఉంది గదా అంటే, అది ఆ దేశం దాటితే దాదాపు పనిచేయదట.

బీమా నిరాకరించబడినవారికి నిబంధనలలో ఒక వెసులుబాటు ఉంది. కంపెనీ ఇవ్వనన్న ఉత్తరం, దానితోపాటు 30 లక్షల బాత్‌ల మేరకు సొంత నిధి చూపాలి. అంత డబ్బున్నవాడికి ఇన్సూరెన్సు బాధే లేదు.

ఇక మిగిలింది ఒక్కటే. విశ్రాంతివారికే మరొక తరహా వీసా ఉంది, దాన్ని ఉత్త 'ఓ' అంటారు. బ్యాంకులో అదే 8 లక్షలు చూపాలి, ఇన్సూరెన్సు అడగరు. ఇంత చిన్న అక్షరం తేడాకు ఇంత కథా అని మేము ఆశ్చర్యపోయాము. అయితే ఓ-ఏ మీద ఉన్నవారు దేశం వదిలి బయటికి పోవాలి, పాత అనుమతి అంతటితో రద్దవుతుంది. తిరిగి మామూలు యాత్రికుల్లా ప్రవేశించి, ఇమ్మిగ్రేషను ఆఫీసులో కొత్తగా 'ఓ' అడగాలి. అక్కయ్యను బావగారి మీద ఆధారపడిన భార్యగా చూపవచ్చు. అందుకు 1976లో గుంటూరు చర్చిలో పాస్టరుగారు రాసిచ్చిన వివాహ సర్టిఫికెట్టు కావలసివచ్చింది. దాన్ని ధ్రువపరచి, థాయి భాషలోకి రాయించి, ముందే సిద్ధం చేసుకొన్నారు. నలభై ఎనిమిదేళ్ళనాటి ఆ కాగితాన్ని పెట్టె అడుగున భద్రంగా దాచింది మాత్రం బావగారే. మన చదువరులు కూడా తమ సర్టిఫికెట్లు ఎక్కడున్నాయో ఒకసారి చూసుకోవడం మంచిది.

బావగారికి బయటికి పోవడం ఇష్టం లేదు. "అయిదేళ్ళు ఉన్న ఇంటినుంచి టూరిస్టులాగా పోయి రమ్మంటారా? తిరిగి రానివ్వకపోతే?" అని రెండు రాత్రులు నిద్రపోలేదు. ఆ భయం వట్టిది కాదు. లోపలికి రానివ్వడం సరిహద్దులోని అధికారి ఇష్టం. రానివ్వకపోతే ఇల్లు, సామాను, బ్యాంకులోని డబ్బు, చేయించుకొంటున్న గుండె వైద్యం అన్నీ ఇవతలే ఉండిపోతాయి.

డిసెంబరు 9 తెల్లవారుజామున నలుగురం బస్సెక్కాము. చియాంగ్ రాయ్ మీదుగా మెకాంగ్ నది ఒడ్డునున్న చియాంగ్ ఖోంగ్ చేరేసరికి ఆరు గంటలు దాటింది. దారిపొడవునా చలి. ముసలి స్త్రీలు తలగుడ్డలు కట్టుకొని అనాసపండ్లు అమ్ముతున్నారు. బావగారు ఏమీ తినలేదు, మందులు మాత్రం వేసుకొన్నారు.

మెకాంగ్‌ను చూస్తే రాజమండ్రి దగ్గర గోదావరి గుర్తొచ్చింది, అంత వెడల్పు లేదు గాని అదే మట్టిరంగు, అదే గాంభీర్యం. అవతలి ఒడ్డు లావోస్ దేశం. 2013 డిసెంబరులో తెరిచిన స్నేహవంతెన ఉంది. దానిమీద నడవనివ్వరు, బస్సులోనే దాటాలి. మాకు దాటే పని లేదు. అక్కయ్య తన చేతిసంచీ మాకిచ్చింది. అందులో బ్యాంకు పుస్తకం, ఇంటి తాళాలు, మా తమ్ముడి ఫోను నంబరు రాసిన చీటీ ఉన్నాయి. "ఏదన్నా అయితే కుక్కకు అన్నం పెట్టమని పక్కింటావిడకు చెప్పండి" అంది. అంత పెద్ద విషయంలో ఆమెకు కుక్క గుర్తొచ్చిందంటే, మిగిలినవాటి గురించి మాట్లాడలేకనే.

వారు పదకొండున్నరకు బస్సెక్కి వంతెన మీదికి వెళ్ళారు. అవతల లావోస్ వీసా డాలర్లిచ్చి అక్కడికక్కడే తీసుకొని, హువై సాయ్ ఊళ్ళో కాసేపు కూర్చొని తిరిగి రావాలి. మేము ఇవతల రేకుల షెడ్డు కింద బల్లమీద కూర్చొన్నాము. ఒంటిగంట అయింది. రెండు అయింది. బస్సు వచ్చినప్పుడల్లా లేచి నిలబడ్డాము. వీపున సంచులు తగిలించుకొన్న తెల్లదొరల పిల్లలు నవ్వుతూ దిగారు, ముద్ర వేయించుకొని నవ్వుతూ పోయారు. మాలో ఒకరం ప్రార్థన చేసుకొన్నాము, ఒకరం గంటలు లెక్కపెట్టుకొన్నాము. ఎవరు ఏది చేశామో చెప్పము.

మూడు దాటిన తరువాత బావగారి తెల్లచొక్కా కనబడింది. కిటికీ దగ్గర అమ్మాయి పాస్‌పోర్టు తిరగేసింది. పాత పొడిగింపు ముద్రలన్నీ చూసింది. ఇంకొకరిని పిలిచింది. ఆయన వచ్చి, బావగారిని ఏదో అడిగాడు. బావగారు తనకు వచ్చిన నాలుగు ముక్కల థాయిలో జవాబు చెప్పి, రెండు చేతులూ జోడించారు. ఆయనా జోడించాడు. ముద్ర పడిన చప్పుడు మాకు వినబడలేదు గాని అక్కయ్య భుజాలు దిగడం కనబడింది. 60 రోజులు ఇచ్చారు.

"ఏమడిగాడు?" అన్నాము.

"చియాంగ్ మాయ్‌లో నా ఇల్లు వరదకు మునిగిందా అని అడిగాడు తమ్ముడూ. వాళ్ళమ్మ ఇల్లు కూడా మునిగిందట" అన్నారు.

తరువాతి పనులు మేము తిరిగివచ్చాక జరిగాయి. గడువులో ఇంకా పదిహేను రోజులు మిగిలి ఉండగానే దరఖాస్తు పెట్టాలి గనుక డిసెంబరు చివరనే వెళ్ళారు. 2,000 బాత్‌ల రుసుముతో 90 రోజుల 'ఓ', దాని చివర 1,900తో ఏడాది పొడిగింపు. ఎవరూ ఇన్సూరెన్సు మాట ఎత్తలేదు.

ఎత్తలేదు సరే, జబ్బు చేస్తే? ఈ సంగతి వంతెన దగ్గరనుండి తిరిగివస్తూ బస్సులోనే వచ్చింది. చీకట్లో అక్కయ్య మెల్లగా అంది, "నిబంధన పోయింది. దాంతోపాటు ఆసరా కూడా పోయింది. ఇదివరకు పనికిరాని కాగితమన్నా ఉండేది." అందుకు బావగారు, ఏజెంటుకు కట్టే ప్రీమియం ఏటా వేరే ఖాతాలో వేద్దామన్నారు. 8 లక్షల్లో కదల్చగల సగాన్ని కూడా ఆసుపత్రి సొమ్ముగానే చూద్దామన్నారు. అది ఒక పెద్ద ఆపరేషనుకు చాలుతుందో లేదో అక్కయ్యకు తెలుసు. ఆమె జవాబు చెప్పలేదు.

మేము ఇంటికి వచ్చేయమని అడిగాము. ఇక్కడ 2024 ఏప్రిల్ నుండి అరవై అయిదు దాటినవారికి కూడా కొత్త పాలసీలు ఇవ్వవచ్చునని బీమా నియంత్రణ సంస్థ పాత వయోపరిమితి తీసేసింది. ఇస్తారన్నంత మాత్రాన చవకగా ఇస్తారని కాదు, గుండె జబ్బున్నవారికి మరీను. అయినా చెప్పాము. బావగారు చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చొన్నారు. "కోర్టు వాయిదా ఎప్పుడు?" అన్నారు. ఫిబ్రవరిలో అన్నాము. అంతటితో ఆగింది.

2025 ఏప్రిల్‌లో అక్కయ్య ఫోను చేసింది. అక్కడ ఆ నెలల్లో అడవులు, పొలాలు తగులబెట్టడంవల్ల సుతేప్ కొండ కూడా కనబడనంత పొగ కమ్ముతుంది. దగ్గుతూనే చెప్పింది, ఏడాది ముద్ర పడిందని. గోడమీది బురదచార పక్కనే క్యాలెండరు తగిలించి, 90 రోజుల తేదీ ఎర్రసిరాతో గుండ్రంగా చుట్టి పెట్టారట. బావగారు గోడకు సున్నం వేయిస్తున్నారని, ఆ ఒక్క మూర మేర మాత్రం వదిలేయమన్నారని కూడా చెప్పింది.