గోడకు గోడ ఆనుకున్న ఇంట్లో గిటార్

మిక్సీ కొనాలంటే మనం నలుగురిని అడుగుతాం. జార్లెన్ని, మోటారు ఎన్ని వాట్లు, గ్యారంటీ ఎన్నేళ్లు అని షాపువాణ్ణి నిలదీస్తాం. అదే పిల్లలు నోరు తిరగని పేరేదో చెప్పి "అది కావాలమ్మా" అంటే మాత్రం "మీ నాన్ననడుగు పో" అని తప్పించుకుంటాం. అలా తప్పించుకోనక్కర్లేదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. నేను చదివింది ఇంటర్ వరకే. గిటార్‌కు తీగలు ఆరు అన్నది కూడా మా అమ్మాయి చెబితేనే తెలిసింది. అయినా తను "ఆంప్ మోడలర్ కావాలి" అన్నప్పుడు, ఏది కొనాలో తేల్చుకోవడానికి వంటింట్లో వాడే తెలివే సరిపోయింది.

మాది జనగామ. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు. మా ఇంట్లో కూర మాడితే పక్కింటావిడకు ముందు తెలుస్తుంది. అలాంటిచోట ఎలక్ట్రిక్ గిటార్ అంటే నేను మొదట భయపడ్డమాట నిజం. మీ ఇంట్లోనూ గిటార్ పిల్లలుంటే ఈ సంగతి కాస్త తెలుసుకోండి.

అసలిదేమిటంటే...

ఎలక్ట్రిక్ గిటార్‌కు చాలావాటికి మామూలు గిటార్‌లా బోలు పొట్ట ఉండదు. ఒట్టిగా వాయిస్తే పక్కగదిలోకి కూడా సరిగా వినపడదు. తీగల కదలికను కరెంటు సంకేతంగా మార్చి ఆంప్లిఫయర్‌కు పంపుతారు. పేరున్న పాత ఆంప్‌లలో మన పాత రేడియోలలో ఉన్నట్టు గాజు వాల్వులుంటాయి. వాటిని గట్టిగా మోగిస్తేనే అసలు రుచి వస్తుందట. అంటే రుచి కావాలంటే వాడంతా వినాల్సిందే!

ఆ బాధ తప్పించేదే మోడలర్. ఆంప్, దాని స్పీకరు, ఆ స్పీకరు ముందు పెట్టే మైకు కలిసి గిటార్ సంకేతాన్ని ఎలా మారుస్తాయో, ఇది లెక్కకట్టి అలాగే మారుస్తుంది. వాయించేవాళ్లు హెడ్‌ఫోన్‌లో వింటారు. 1998లో లైన్ సిక్స్ అనే అమెరికా కంపెనీ ఎర్రటి రాజ్మాగింజ ఆకారంలో 'పాడ్' అనేదాన్ని తెచ్చాక, ఇంట్లో రికార్డింగు చేసుకునేవాళ్లలో ఇది బాగా పాకింది. ఇప్పుడు బాస్, జూమ్, న్యూరల్ డీఎస్‌పీ... ఎన్నో కంపెనీలు. ధరలు పదివేల చుట్టుపక్కల మొదలై లక్షన్నర కూడా దాటతాయి. కంప్యూటర్లో వేసుకునే మోడలర్లూ ఉన్నాయి. వాటిలో కొన్ని ఉచితం.

మాకెందుకు కావాల్సి వచ్చింది?

మా అత్తమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు. పుట్టిల్లు మహబూబాబాద్ దగ్గర పల్లె. బతుకమ్మ పాటలు, నాట్లప్పటి పాటలు ఆమెకెన్ని వచ్చో లెక్కలేదు. ఏవీ రాసిపెట్టినవి కావు. పోయిన బతుకమ్మ పండుగకు ఆమె పాట మధ్యలో ఆగిపోయింది. అందరూ దమ్ము ఆడలేదనుకున్నారు. నాకు మాత్రం తెలుసు, ఆమెకు తర్వాతి చరణం గుర్తు రాలేదు. ఒగ్గుకథకు పేరు తెచ్చిన చుక్క సత్తయ్యగారు మా జిల్లా మాణిక్యాపురం వారే. 2017లో పోయారు. అంతటి పేరున్నవారి గొంతును ఎవరో ఒకరు రికార్డు చేసి దాచుకుంటారు. మన ఇళ్లల్లో ముసలమ్మల పాటలు ఎవరు దాస్తారు చెప్పండి?

"బాపమ్మ పాడితే నేను వెనక గిటార్ వాయించి రికార్డు చేస్తానమ్మా" అంది అమ్మాయి. మావారు "ఫోన్‌ల రికార్డు చేస్తే అయిపోతది గద, గింత ఖర్చెందుకు?" అన్నారు. న్యాయమైన మాటే. అందుకే ఆ రాత్రే ఫోన్లో అత్తమ్మ చేత గుర్తున్నవన్నీ పాడించి దాచాం. మీరూ ముందు ఆ పనే చేయండి. సామాను వచ్చేదాకా మనం ఆగుతాం గానీ, పెద్దవాళ్ల జ్ఞాపకం ఆగదు. అయితే ఫోన్లో పాట, గిటార్ కలిపి ఒకేసారి పడితే పులిహోరలో పోపులా కలిసిపోతాయి. ఒకటి బాగుచేయాలంటే రెండోది చెడుతుంది. విడివిడిగా పట్టాలంటే వేరే ఏర్పాటు కావాలి.

భూపాలపల్లిలో చూసింది

మా ఆడబిడ్డ వాళ్లు భూపాలపల్లిలో ఉంటారు. అన్నయ్యగారిది సింగరేణిలో ఉద్యోగం. వాళ్లబ్బాయి దగ్గర కాలితో నొక్కే మోడలర్ ఉందంటే, ఆదివారం చూసి వద్దామని వెళ్లాం. నైట్‌షిఫ్ట్ చేసి వచ్చిన తండ్రి లోపలి గదిలో నిద్రపోతుంటే, పిల్లవాడు ముందుగదిలో హెడ్‌ఫోన్ పెట్టుకుని వాయిస్తున్నాడు. చప్పుడే లేదు! నాకు భలే నచ్చింది. దాంట్లో వందల రకాల శబ్దాలున్నాయన్నాడు. నేను ఒకే ఒక్క మాట అడిగాను. "మీ అమ్మమ్మ మైకు దీనికెక్కడ పెట్టాలె?"

"దీనికి మైకు పెట్టరు అత్తమ్మా. ఇది గిటార్‌కే" అన్నాడు.

అక్కడే మా ఎంపిక తేలిపోయింది. వాడి అవసరానికి అది చక్కటిది. వాడికి కంప్యూటర్ లేదు, గిటార్ తప్ప వేరే పని లేదు. మాకు అమ్మాయి చదువుకు కొన్న లాప్‌టాప్ ఉంది, పాడే మనిషి ఉంది. అందుకని మేం రెండు దారులున్న చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ తీసుకున్నాం. ఒక దారిలో మైకు, రెండో దారిలో గిటార్. మోడలర్‌గా లాప్‌టాప్‌లో న్యూరల్ ఆంప్ మోడలర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. మైకు, స్టాండు, వైర్లతో కలిపి ఇరవైవేల లోపే అయింది. చిట్టి ఎత్తిన డబ్బులో కమ్మలకని దాచుకున్నది అందుకే ఇచ్చాను. కమ్మలు వచ్చే ఏడాది కూడా దొరుకుతాయి.

కొనేముందు అడగవలసినవి

శబ్దాలెన్ని అని అడక్కండి. ఇవి అడగండి.

1. యు.ఎస్.బి. వైరుతో నేరుగా కంప్యూటర్లోకి రికార్డు అవుతుందా? కొన్నింటిలో ఆ వైరు సాఫ్ట్‌వేర్ మార్చడానికే పనికొస్తుంది, రికార్డింగుకు కాదు.

2. హెడ్‌ఫోన్ జాక్ ఉందా? మన ఇళ్లల్లో ఇది తప్పనిసరి.

3. ఇంటర్‌ఫేస్ అయితే గిటార్ కోసం 'ఇన్‌స్ట్రుమెంట్' అనే మీట ఉండాలి. లేకపోతే గిటార్ మందంగా పలుకుతుంది.

4. తీగ మీటాక హెడ్‌ఫోన్లో వినపడడానికి ఆలస్యమవుతోందా? సెకనులో వందోవంతు లోపయితే చెయ్యికి తెలియదట. మించితే తాళం తప్పుతుంది.

5. అడాప్టర్ సొంతదేనా? కాలితో నొక్కేవాటిలో చాలావాటికి తొమ్మిది వోల్టులు, పిన్ను మధ్యలో మైనస్. ఇంట్లో సెట్‌టాప్ బాక్సుది పిన్ను పట్టింది కదా అని గుచ్చితే పరికరం కాలిపోవచ్చు. అడాప్టర్లన్నింటికీ కాగితం అంటించి పేర్లు రాసిపెట్టండి.

ఇంట్లో చిట్కాలు

గిటార్ వైరులోంచి నేరుగా పోతుంది కాబట్టి కుక్కర్ కూసినా రికార్డులో పడదు. మైకు అలా కాదు, అన్నీ వింటుంది. కండెన్సర్ మైకు మరీ సున్నితం, దానికి 48 వోల్టులు కూడా అందించాలి. మనలాంటి ఇళ్లకు డైనమిక్ మైకే మేలు, దగ్గరగా పాడితే చాలు. ఫ్యాను ఆపి, వెనకాల బొంత వేలాడదీయండి. గిటార్‌లో 'హుమ్మ్' అని వస్తే ఎర్తింగ్ చూపించండి, లాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడిపి చూడండి. ట్యూబులైటుకు, ఫ్యాను రెగ్యులేటరుకు దూరంగా జరిగినా తగ్గుతుంది.

ఇంకో మంచి సంగతి. గిటార్‌ను ఏ రంగూ పూయకుండా ఒట్టిగానే రికార్డు చేసి, ఏ ఆంప్ శబ్దం కావాలో తర్వాత మార్చుకోవచ్చు. పప్పు ఉడకబెట్టి ఉంచుకుని తాలింపు తర్వాత వేసినట్టే.

పెద్దవాళ్లను తాళానికి కట్టేయకండి. మేం అత్తమ్మను ముందు పాడనిచ్చాం. ఆమె శ్రుతికి గిటార్ సరిచేసుకుని, అమ్మాయి ఆమె వెనకే నడిచింది. పండుగప్పుడు ఆగిన చరణం మాత్రం ఎంతకూ రాలేదు. మహబూబాబాద్‌లో ఉన్న ఆమె చెల్లెలికి ఫోన్ చేస్తే, ఆవిడ సగం పాడేసరికి అత్తమ్మే అందుకుని పూర్తి చేసింది. ఇప్పటికి పదకొండు పాటలయ్యాయి. ఒక పాటలో ఆమె గొంతు జీరబోయింది. మళ్లీ పాడిద్దామా అని అమ్మాయి అడిగితే, అట్లనే ఉంచు బిడ్డా అన్నాను.

మీ ఇంట్లో పాడే పెద్దలుంటే, పిల్లల చేతిలో గిటారో కీబోర్డో ఉంటే, ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టండి. ఏ పరికరం కావాలో అప్పుడు దానంతటదే తెలుస్తుంది.