ఆకాశమునుండి దిగువారి యూరు

కాలిఫోర్నియా రాష్ట్రమున లాస్ ఏంజిలిస్ మహానగరమునకు ఆగ్నేయదిశగా సుమారు 70 మైళ్ల దూరమున పెరిస్ అను చిన్న పట్టణము కలదు. ఆ ప్రాంతమున రైలుమార్గము వేయించిన ఇంజనీరు పేరే దానికి పెట్టిరి. చుట్టును ఎండి పసుపువన్నె దేరిన గుట్టలు, వాన అరుదు, వేసవిలో మన రెంటచింతల యెండ జ్ఞప్తికి వచ్చును. కోటలు, దేవాలయములు, పుణ్యతీర్థములు చూడగోరువారికి ఇచ్చట చూడదగినది లేదు. అయినను దేశదేశములనుండి జనులు ఈ యూరికి వచ్చుచుందురు. వారందఱును విమానమెక్కి, ఆకాశమున దానినుండి దూకి, పారాషూటుతో నేలకు దిగుటకై వచ్చువారు. ఆ క్రీడకు అమెరికాలో పేరుపడిన స్థలములలో పెరిస్ లోయయందలి విమానాశ్రయ మొకటి.

మేము అచ్చటికి వినోదార్థము పోలేదు. మా ఆడుబిడ్డ లాస్ ఏంజిలిస్‌లో ఇంజనీరుగా నున్నది. ఆమె నాలుగేండ్లనుండి సెలవుదినములందు పెరిస్‌కు పోయి దూకుచున్నదని మాకు ఆలస్యముగా తెలిసినది. అప్పటికే 400 పైచిలుకు మార్లు దూకినదట. ఈ వార్త విన్ననాటినుండి మా అత్తగారికి అన్నము సయింపలేదు. వేసవి సెలవులలో మావారికి బడి లేకుండుటచే మేమిరువురమును బయలుదేరితిమి. “ఎటులైనను దానిచేత ఆ పని మాన్పించి రండు” అని అత్తగారు మాకు మఱిమఱి చెప్పి పంపిరి.

ఉదయముననే అచ్చట సందడి మొదలైనది. విమానములు దిగు బాటకు ప్రక్కగా పెద్ద పందిరివంటి కప్పు, దానిక్రింద తివాచీ పఱచిన నేల. ఆ నేలపై స్త్రీలును పురుషులును మోకాళ్లమీద గూర్చుండి రంగురంగుల బట్టలను మడచుచుండిరి. దూరమునుండి చూచినపుడు పెండ్లివారింట చీరలు సర్దుచున్నారేమో యనిపించినది. ప్రాణములకు తెగించినవారి తొందరను చూతుమనుకొని పోయిన మేము, ఆ నిదానమును చూచి ఆశ్చర్యపడితిమి.

ఆడుబిడ్డ తన సామగ్రిని మాకు విప్పి చూపినది. మూపున తగిలించుకొను సంచి ఒకటే గాని, అందు పారాషూటులు రెండు. ఒకటి నిత్యము వాడునది. రెండవది మొదటిది చెడినపుడు ఆదుకొనునది. ఇప్పటి పారాషూటు మనము బొమ్మలలో చూచు గుండ్రని గొడుగువలె నుండదు. నైలాను బట్టను రెండు పొరలుగా, నడుమ అరలు వచ్చునట్లు, నలుచదరముగా కుట్టుదురు. ముందువైపున తెఱచియున్న నోళ్లనుండి గాలి చొచ్చి అరలు నిండగానే అది పక్షిఱెక్కవలె బిగియును. చేతనున్న త్రాళ్లను లాగినకొలది కుడికిని ఎడమకును మరలును. ఆమె వాడునది 170 చదరపుటడుగులది. మనము కట్టు ఆరుగజముల చీర సుమారు 67 చదరపుటడుగు లుండును. అనగా రెండున్నర చీరల బట్ట ఆమెను ఆకాశమునుండి దింపుచున్నది.

దానిని మడచుటయు చూచితిమి. త్రాళ్లు మెలిపడకుండ సరిచూచి, అరలను ఒకదానిపై నొకటి కుచ్చెళ్లవలె పేర్చి, మోకాళ్లతో అదిమి లోనిగాలిని వెడలగొట్టి, చిన్నసంచిలో ఇమిడ్చి, త్రాళ్లను రబ్బరుపట్టీలలో వరుసగా దోపుటకు ఆమెకు పావుగంట పట్టినది. త్రాళ్లవెంట జాఱునట్లు అమర్చిన నలుచదరపు గుడ్డ యొకటి కలదు. పారాషూటు ఒక్కుమ్మడి విచ్చుకొన్నచో దేహమునకు గొప్ప కుదుపు తగులును. ఆ గుడ్డ క్రమముగా క్రిందికి జాఱుచు, విచ్చుకొనుటను నెమ్మదింపజేయును. కూలికి మడచియిచ్చువారును అచ్చట నున్నారు. మా ఆడుబిడ్డ మాత్రము తనది తానే మడచుకొనును.

రెండవ పారాషూటును ఆమె మడవదు. దానిని మడచుటకు ప్రభుత్వమువారి యనుమతిపత్రము గల రిగ్గరులకే యధికారము. వాడినను వాడకున్నను 180 దినములకు మించకుండ దానిని విప్పి, పరీక్షించి, మరల మడచి, దారము కట్టి ముద్ర వేయవలెను. చేసిన తేదీయు, చేసినవారి సంతకమును చిన్నకార్డుపై వ్రాసి సంచిలోనే యుంతురు.

ఛాతీకి ఇరుప్రక్కల రెండు పిడులున్నవి. కుడివైపు పిడిని లాగినచో చెడిన పారాషూటు భుజములవద్ద ఊడిపోవును. ఎడమవైపు పిడిని లాగినచో రెండవది వెలువడును. ఊడుటకై భుజములవద్ద ఒకదానిలో నొకటి దూర్చిన మూడేసి లోహపు వలయములు గలవు. మనిషి బరువునంతను మోయుచున్న యా వలయములు, వానిని పట్టియుంచిన చిన్నత్రాడు సడలినంతనే విడిపోవును. ఈ యుపాయమును 1970 దశకమున బిల్ బూత్ అను నతడు కనిపెట్టెను. మణికట్టున ఎత్తును చూపు ఆల్టీమీటరు, తలకు హెల్మెట్టు. సంచిలో మఱియొక చిన్నయంత్రము. మనిషికి స్పృహ తప్పియో, మఱే కారణముచేతనో, 750 అడుగుల యెత్తునకు వచ్చియు అదే వేగముతో పడుచున్నచో, రెండవ పారాషూటును మూసియుంచిన త్రాటిని ఆ యంత్రమే కోసివేయును.

“ఈ యంత్రమును నమ్ముకొని దూకుదువా?” అని మావారడిగిరి.

“అది లేదనుకొని దూకుదును, అన్నయ్యా” అని యామె బదులు చెప్పినది.

విమాన మెక్కుటకు ముందు ఆమె తన కట్లను, పిడులను ఒక్కొక్కటిగా తడవి చూచుకొన్నది. వీపువైపు తనకు కానరాదు గావున స్నేహితురాలొకతె చూచినది. విమానము 20 మందిని ఎక్కించుకొని పావుగంటకు 12,500 అడుగుల యెత్తు చేరినది. దూకినవారు గంటకు 120 మైళ్ల వేగముతో ఇంచుమించు ఒక నిమిషము పడుదురు. ఆ నిమిషము మాకు క్రిందనుండి ఏమియు కనబడలేదు. విమానపు మ్రోత దూరమైనది. మావారు నోటిలో ఏదో జపించుకొనుచుండిరి. అంతలో నీలాకాశమున ఒక ఎఱ్ఱచుక్క, దాని ప్రక్కన ఒక పసుపుచుక్క, పిమ్మట పదియును పదునైదును. అయిదారు నిమిషములకు మా ఆడుబిడ్డ గాలి కెదురుగా మరలి, త్రాళ్లు రెండును లాగి, అరుగు దిగినట్లు నేలపై నడుగుపెట్టినది.

మధ్యాహ్నము నీడలో గూర్చుండి ఆమె మాకు జార్జియా బ్రాడ్విక్ అను స్త్రీ కథ చెప్పినది. ఈమె 1893లో నార్తు కరోలైనాలో పుట్టినది. 12వ యేట పెండ్లి, 13వ యేట బిడ్డ, ప్రత్తిమిల్లులో దినమునకు 14 గంటల పని. 1907లో ఒక సంతలో బెలూను నుండి పారాషూటుతో దిగువారిని జూచి, బిడ్డను తన తల్లికి అప్పగించి, 1908 మొదలు తానును దూకసాగినది. ఎత్తు అయిదడుగులైనను లేనందున ఆమెను “టైనీ”, అనగా చిట్టి, అని పిలిచిరి. 1913 జూన్ 21వ తేదీని ఈ లాస్ ఏంజిలిస్‌లోనే గ్రిఫిత్ పార్కుపై విమానమునుండి దూకినది. విమానమునుండి పారాషూటుతో దిగిన మొదటి స్త్రీ యామెయే. మఱుసటియేడు శాన్ డియేగోలో సైన్యమువారికి దూకి చూపుచుండెను. అప్పుడు పారాషూటును తెఱచుటకు దానిని విమానమునకు త్రాటితో కట్టెడివారు. ఒకమాఱు ఆ త్రాడు విమానపు తోకకు చిక్కుకొన్నది. తరువాతి మాఱు ఆమె త్రాటిని కోసివేసి, కొంతదూర మట్లే పడి, తన చేతితోనే లాగి తెఱచుకొన్నది. 1,100 మార్లకు పైగా దూకి, చీలమండలు బాధింపగా 1922లో మానినది. 1978 వఱకు జీవించినది. బిడ్డను విడిచిపోయిన తల్లిని మెచ్చుకొనుటకు మా మనస్సు వెంటనే ఒప్పలేదు. ఆ మిల్లు ఆమెకు వేఱేమి దారి మిగిల్చినదని తలచినపుడు నిందించుటకును ఒప్పలేదు.

ఆ రాత్రి భోజనములైన పిమ్మట మేము వచ్చిన పని యెత్తితిమి. “ఇన్నిమార్లు దూకితివి గదా, నీకిక భయము తీరినట్లేనా?” అని యడిగితిమి.

“తీరినదనుకొన్ననాడు మానవలెను, వదినా” అని చెప్పి, తమ క్రీడలోని అపాయ మెచ్చట నున్నదో దాపఱికము లేక వివరించినది. 1970 దశకమున అమెరికాలో ఏటికి సగటున 40 మందికి పైగా ఈ క్రీడలో మరణించెడివారు. 2023లో సుమారు 36 లక్షల 50 వేల మార్లు దూకగా, మరణించినవారు 10 మంది. సామగ్రి మెఱుగుపడుటయు, శిక్షణ మెఱుగుపడుటయు దీనికి కారణములు. కాని నేడు చనిపోవువారిలో అనేకులు పారాషూటు తెఱచుకొనక చనిపోవుటలేదు. చక్కగా తెఱచుకొన్న పారాషూటు క్రిందనే, నేలకు దగ్గఱగా వేగముగా తిప్పబోయి చనిపోవుచున్నారు. వారు తఱచు క్రొత్తవారు గారు, అనుభవజ్ఞులు.

క్రొత్తవారికి నాలుగు చీరలంత పెద్ద పారాషూటు నిత్తురు. అది మెల్లగా పోవును, తప్పులను మన్నించును. 25 మార్లు దూకి, పరీక్షలో నెగ్గినవారికి మొదటి యనుమతిపత్రము. నాలుగవదియు కడపటిదియు నగుదానికి 500 మార్లు కావలెను. మెట్టు ఎక్కినకొలది చిన్న పారాషూటుపై మోజు పుట్టును. బట్ట తగ్గినకొలది వేగము పెరుగును. చేయి కొంచెము తడబడినను దిద్దుకొను వ్యవధి యుండదు. మా ఆడుబిడ్డయు 135 చదరపుటడుగులది కొనుటకు డబ్బు కూడబెట్టియుండెను. అనగా సరిగా రెండు చీరలు. అర్ధచీర తగ్గుటకు ఇంత తర్కమా యని మేము నవ్వితిమి. ఆమె నవ్వలేదు.

మఱునాడు మధ్యాహ్నము జరిగినదానిని ఇచ్చట చెప్పవలెను. ఎండ ముదిరినకొలది ఆ పొడినేలపై చిన్నచిన్న ధూళిసుడులు లేచును. అట్టి సుడి తగిలినచో నేల చేరబోవు పారాషూటు ముడుచుకొని, మనిషి పడిపోవుట కలదు. మా ఆడుబిడ్డ అప్పటికే రుసుము చెల్లించి, దుస్తులు తొడిగి, సంచి తగిలించుకొన్నది. మైదానపు చివర రెండు సుడులు లేచుట చూచినది. కట్లు విప్పి వచ్చి మా ప్రక్కన గూర్చున్నది. తోడివారు విమాన మెక్కిరి. వారిలో ఒక కుఱ్ఱవాడు ఆమెను పరిహసించినాడు కూడ. ఆ మాఱు ఎవరికిని ఏ ప్రమాదమును జరుగలేదు. అందఱును నవ్వుచు దిగిరి.

“ఊరక భయపడితివి గదా” అని మావారనిరి.

“కావచ్చు, అన్నయ్యా. దూకనందున ఇంతవఱకు ఎవరికిని కాలు విఱుగలేదు” అని చెప్పి, ఆమె మాకొఱకు కాఫీ తెచ్చుటకు లేచినది.

ముందునాడు ఆమె దూకుట చూచి మాకు కలుగని ధైర్యము, ఆనాడు దూకకుండుట చూచి కలిగినది. మానుమని మేమడుగలేదు. రెండు మాటలు మాత్రము తీసికొంటిమి. 500 మార్లు పూర్తియై, గురువు సమ్మతించువఱకు చిన్న పారాషూటు కొనరాదు. దూకిన దినమున సాయంకాలము తల్లికి టెలిఫోను చేయవలెను. అచ్చటి ఆదివారము సాయంకాలము మన సోమవారపు తెల్లవాఱుజాము. అత్తగారు మా మీద కొన్నాళ్లు కినుక వహించిరి. ఇప్పుడు సోమవారమునాడు ఆ పిలుపు వచ్చినగాని కాఫీ ముట్టరు. వారి భయము పోలేదు. పోవలెనని మేమును కోరము.

మన దేశమునను ఈ విద్యలో పేరుపొందిన స్త్రీలు గలరు. రైల్వేలో నుద్యోగించుచు, బిడ్డలను పెంచుచు, 1979 మొదలు 18 దేశములలో 650 మార్లు దూకిన రేచల్ థామస్‌కు 2005లో పద్మశ్రీ లభించినది. పూనా నగరపు శీతల్ మహాజన్ 2004లో ఉత్తరధ్రువమున దూకినది. 2018లో థాయిలాండున మహారాష్ట్రుల తొమ్మిదిగజముల చీర ధరించి దూకినది.

సోదరీమణులారా, మన బిడ్డలలో ఎవరైన ఇట్టి సాహసమునకు పూనుకొన్నపుడు, వలదని ఏడ్చుటకంటెను, భేషని మురియుటకంటెను, అడుగదగిన ప్రశ్నలు కొన్ని గలవు. నీ పారాషూటును మడచిన దెవరు? రెండవదాని కార్డుపై నున్న తేదీ యేది? నీవు వాడునది నీ బరువునకు, నీ నేర్పునకు తగిన కొలతదేనా? తుదిప్రశ్న యొకటి: గాలి బాగులేదని నీవు దిగి కూర్చున్న దినమేది? ఈ కడపటి ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పగలిగిన బిడ్డను మనము కొంత నెమ్మదితో పంపవచ్చును.